సైక్స్-పికో గీతలే నేటి అరబ్ సరిహద్దులా? మాండేట్ పాలనపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ కళాశాలలో ఆధునిక ప్రపంచ చరిత్ర బోధించడం, మిగిలిన వేళల్లో గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థుల జవాబు పత్రాలు దిద్దడం నా వృత్తి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అరబ్ ప్రాంతాల పరిస్థితిపై ఏ ప్రశ్న ఇచ్చినా చాలా పత్రాలు ఒకే తీరుగా మొదలవుతాయి: 1916లో బ్రిటన్‌కు చెందిన సైక్స్, ఫ్రాన్స్‌కు చెందిన పికో అనే ఇద్దరు అధికారులు పటం మీద స్కేలు పెట్టి గీత గీశారని, ఆ గీతే నేటి సిరియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, పాలస్తీనా అయిందని. టీవీ చర్చల్లోనూ ఇదే మాట, వాట్సాప్‌లోనూ ఇదే మాట. 2014లో ఐసిస్ ముఠా సిరియా-ఇరాక్ సరిహద్దులోని మట్టికట్టను బుల్‌డోజర్‌తో తొలగించి, సైక్స్-పికోను అంతం చేశామని ప్రకటించుకున్న తర్వాత ఈ నమ్మకం మరింత గట్టిపడింది. మాండేట్ పాలన (యుద్ధంలో ఓడిన దేశాల ప్రాంతాలను, యుద్ధం తర్వాత ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ నానాజాతి సమితి తరఫున గెలిచిన దేశాలు పాలించే ఏర్పాటు) గురించిన అపోహల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి ముందుగా దీని సంగతే చూద్దాం.

ఆ ఒప్పందంలో అసలు ఏముందో చూడండి. 1916 మే నెలలో బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు లేఖల రూపంలో ఖరారు చేసుకున్న ఈ రహస్య ఒప్పందం ఆటోమన్ (తుర్కుల) సామ్రాజ్యపు అరబ్ భాగాన్ని, దానితో పాటు అనతోలియాలో (నేటి తుర్కియే, అంటే టర్కీ, ప్రధాన భూభాగం) కొంత భాగాన్ని రంగుల మండలాలుగా విడదీసింది. సిరియా తీరం నుంచి లెబనాన్ మీదుగా అనతోలియా లోపలి వరకు నీలి మండలం ఫ్రాన్స్‌ది. బాగ్దాద్, బస్రాలతో కూడిన ఎర్ర మండలం బ్రిటన్‌ది. మధ్యలో ‘ఎ’, ‘బి’ అనే రెండు ప్రాంతాల్లో అరబ్ రాజ్యమో, అరబ్ రాజ్యాల సమాఖ్యో ఏర్పడుతుందని, వాటిపై ఫ్రాన్స్, బ్రిటన్ పలుకుబడి ఉంటుందని రాసుకున్నారు. పాలస్తీనాలో ఎక్కువ భాగం అంతర్జాతీయ పాలన కింద ఉండాలి. రష్యాకు ఎర్జురుం, ట్రబ్జోన్ వైపు వాటా ఉంది. ఇప్పుడు నేటి అట్లాస్ తీసి పక్కన పెట్టండి. రష్యాకు రాసిచ్చిన ప్రాంతాలు తుర్కియేలో ఉన్నాయి. ఫ్రాన్స్‌కు రాసిచ్చిన అదనా కూడా తుర్కియేలోనే ఉంది. టర్కీ జాతీయవాద నాయకుడు ముస్తఫా కెమాల్ సేనలతో పోరాడి అలసిన ఫ్రాన్స్ 1921 అక్టోబరులో అంకారా ఒప్పందంతో దాన్ని వదులుకుంది. పాలస్తీనాలో అంతర్జాతీయ పాలన ఏనాడూ రాలేదు. చర్చల్లో సైక్స్ ప్రతిపాదించిన గీత మధ్యధరా తీరంలోని ఆక్రా నుంచి కిర్కుక్ దాకా సాగుతుంది. ఆ రెండు పట్టణాల్లో నేడు ఒకటి ఇజ్రాయెల్‌లో, మరొకటి ఇరాక్ ఉత్తర భాగంలో ఉన్నాయి. ఎడారి భాగంలో అక్కడక్కడ పోలిక కనిపించే మాట నిజమే. ఆ పోలికను చూసి మొత్తం పటాన్ని ఆ ఇద్దరి ఖాతాలో వేయడం మాత్రం చరిత్ర కాదు.

ఒక్క మోసుల్ నగరం కథ తెలిస్తే ఈ అపోహ నిలబడదు. 1916 ఒప్పందంలో మోసుల్ ‘ఎ’ ప్రాంతంలో, అంటే ఫ్రాన్స్ పలుకుబడి కింద ఉంది. 1918 అక్టోబరు 30న ముద్రోస్‌లో ఆటోమన్ ప్రభుత్వంతో యుద్ధ విరమణ జరిగిన తర్వాత బ్రిటిష్ సేనలు ముందుకు వెళ్లి ఆ నగరాన్ని స్వాధీనం చేసుకున్నాయి. అదే ఏడాది డిసెంబరులో లండన్‌లో ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో, బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ ఇద్దరే కూర్చుని మాట్లాడుకున్నప్పుడు మోసుల్‌ను, పాలస్తీనాను ఫ్రాన్స్ వదులుకుంది. అంటే ఒప్పందం కుదిరిన మూడేళ్లలోపే, దాన్ని రాసుకున్న ప్రభుత్వాలే దాన్ని మార్చేశాయి. అక్కడితోనూ తేలలేదు. మోసుల్ తమదేనని టర్కీ పట్టుబట్టింది. 1923 జూలైలో టర్కీతో కుదిరిన లాసాన్ శాంతి సంధి కూడా ఈ తగవును తీర్చలేక పక్కన పెట్టింది. నానాజాతి సమితి నియమించిన సంఘం 1925లో ఆ ప్రాంతానికి వెళ్లి విచారణ జరిపింది. సమితి మండలి ఆ ఏడాది డిసెంబరులో ఇరాక్‌కు అనుకూలంగా నిర్ణయించింది. 1926 జూన్‌లో టర్కీ దాన్ని ఒప్పుకుంటూ సంతకం చేసింది. ఇరాక్ ఉత్తర సరిహద్దు తేలేసరికి సైక్స్ మరణించి ఏడేళ్లు దాటింది.

మిగిలిన గీతలకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1920 ఏప్రిల్‌లో ఇటలీలోని శాన్ రెమోలో మాండేట్లను పంచుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో కుదిరిన ఆంగ్లో-ఫ్రెంచ్ ఒడంబడిక, 1923 నాటి మరో ఒప్పందం సిరియా-పాలస్తీనా హద్దును తేల్చాయి. ఇరాక్‌కు, నజ్ద్‌కు (నేటి సౌదీ అరేబియా మధ్య ప్రాంతం) మధ్య హద్దు 1922లో ఉకైర్‌లో నిర్ణయమయింది. అంతకియా ఉన్న హతాయ్ ప్రాంతం 1939లో సిరియా నుంచి టర్కీకి వెళ్లిపోయింది.

ఈ అపోహపై నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం మార్కులు మాత్రమే కాదు. అంతా ఇద్దరు అధికారుల పెన్సిలుకే అప్పగిస్తే, ఆ గీతలను ఎదిరించి ప్రాణాలిచ్చిన ప్రజలు కథలోంచి మాయమైపోతారు. 1919 వేసవిలో అమెరికా పంపిన కింగ్-క్రేన్ సంఘానికి సిరియా, పాలస్తీనా ప్రజలు 1,863 విజ్ఞాపనలు ఇచ్చారు. అధిక సంఖ్యాకులు స్వాతంత్ర్యం కోరారు, ఫ్రెంచ్ పాలన వద్దన్నారు. ఆ నివేదికను 1922 దాకా ప్రచురించలేదు. 1920 మార్చి 8న డమాస్కస్‌లో సిరియన్ కాంగ్రెస్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించి, ఆటోమన్లపై అరబ్ తిరుగుబాటు నడిపిన ఫైజల్‌ను రాజుగా ఎన్నుకుంది. జూలై 24న మైసలూన్ వద్ద ఫ్రెంచ్ సేనను ఆపడం సాధ్యం కాదని తెలిసి కూడా యుద్ధ మంత్రి యూసుఫ్ అల్-అజ్మా చిన్న దళంతో ఎదురు నిలిచి నేలకొరిగాడు. అదే వేసవిలో ఇరాక్‌లో యూఫ్రటీస్ తీరపు తెగలు తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటును అణచడానికి భారతదేశం నుంచి సేనలను రప్పించవలసి వచ్చింది. ఆ ఖర్చు, ఆ ప్రతిఘటన బ్రిటన్ చేత నేరుగా పాలించే ఆలోచన మాన్పించాయి. 1921 మార్చిలో కైరోలో చర్చిల్ సమావేశం నిర్వహించడానికి, సిరియా నుంచి వెళ్లగొట్టబడిన ఫైజల్‌ను ఆగస్టులో బాగ్దాద్‌లో సింహాసనం మీద కూర్చోబెట్టడానికి వెనక ఉన్నది ఇదే. ఇవేవీ లేకుండా రాసిన జవాబు ఎంత అందంగా ఉన్నా నేను దానికి సగం మార్కులు కూడా వేయను.

అపోహ: మాండేట్ అంటే పేరు మార్చిన వలస, అంతకు మించి తేడా ఏమీ లేదు.

పాలితుల అనుభవంలో ఇది చాలావరకు నిజం. పరీక్షలో మాత్రం అసంపూర్ణం. నానాజాతి సమితి నిబంధనావళి 22వ అధికరణం, తర్వాత ‘ఎ’ తరగతి మాండేట్లుగా పిలిచిన పూర్వపు ఆటోమన్ ప్రాంతాలను (ఇది సైక్స్-పికో ‘ఎ’ ప్రాంతం కాదు) తాత్కాలికంగా స్వతంత్ర జాతులుగా గుర్తించింది. పాలక దేశాన్ని ఎంచుకోవడంలో అక్కడి ప్రజల కోరిక ప్రధానమని కూడా రాసింది. ఆ కోరికను ఎంతగా మన్నించారో మైసలూన్ చెబుతుంది. అయినా ఒక కొత్త విషయం ఉంది: పాలక దేశం ఏటా నివేదిక ఇవ్వాలి, జెనీవాలోని శాశ్వత మాండేట్ల సంఘం ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ సంఘ సభ్యులు మాండేట్ ప్రాంతాలకు స్వయంగా వెళ్లి విచారించలేకపోయేవారు; స్థానికుల విజ్ఞాపనలు పాలక ప్రభుత్వం చేతుల మీదుగానే రావాలి. సిరియాలోని ద్రూజ్ మతవర్గ నాయకుడు సుల్తాన్ అల్-అత్రాష్ నాయకత్వంలో సాగిన తిరుగుబాటును అణచడానికి 1925 అక్టోబరులో ఫ్రెంచ్ సేనలు డమాస్కస్ మీద ఫిరంగి గుళ్లు కురిపించినప్పుడు, 1926 ఆరంభంలో ఆ సంఘం రోమ్‌లో ప్రత్యేకంగా సమావేశమై ఫ్రాన్స్‌ను ప్రశ్నించింది. తిరుగుబాటు ఆగలేదు, శిక్ష పడలేదు, కాని ఒక వలసపాలకుడు బయటివారి ముందు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఈ రెండు ముఖాలూ రాయాలి.

మిగతావి త్వరగా చెబుతాను. అరబ్ దేశాలన్నీ మాండేట్లేనని రాయకండి: ఈజిప్టు 1914 నుంచి బ్రిటిష్ రక్షిత రాజ్యం, 1922లో దానికి పరిమిత స్వాతంత్ర్యం ప్రకటించారు, లిబియా ఇటలీ వలస, హిజాజ్ (మక్కా, మదీనాలున్న ప్రాంతం), నజ్ద్ ఎవరి మాండేట్ కిందా లేవు. ఇరాక్ పరిపాలన 1922 నాటి ఆంగ్లో-ఇరాకీ ఒప్పందం మీద నడిచింది, దాన్ని సమితి 1924లో మాండేట్‌కు బదులుగా అంగీకరించింది. పాలస్తీనా మాండేట్‌ను మిగిలిన వాటితో కలిపేయకండి: అందులో, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరచడానికి తోడ్పడతామని 1917లో బ్రిటన్ చేసిన బాల్ఫోర్ ప్రకటన చేరింది, 1922 జనగణనలో యూదులు సుమారు పదకొండు శాతం ఉన్న ఆ నేల మీద అత్యధిక సంఖ్యాకులను ఆ పత్రం ‘యూదేతర సమాజాలు’గా మాత్రమే పేర్కొంది. అంతా చమురు కోసమే అనడం కూడా సరి కాదు. శాన్ రెమోలో చమురు వాటాల బేరం జరిగిన మాట నిజమే గాని, కిర్కుక్ దగ్గర బాబా గుర్గుర్‌లో చమురు ఎగజిమ్మింది 1927లో.

మనకూ దానికీ సంబంధం లేదనే మాట కూడా తరచుగా వింటాను. 1916 ఏప్రిల్‌లో ఇరాక్‌లోని కూట్‌లో తుర్కులకు లొంగిపోయిన బ్రిటిష్ సేనలో ఎక్కువమంది భారతీయ సైనికులు. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంలో ఒక విగ్రహం హైదరాబాద్ లాన్సర్లది (నిజాం సంస్థానపు అశ్వికదళం). 1918లో పాలస్తీనాలోని హైఫాను గెలిచిన బ్రిగేడ్‌లో వారి దళం ఒక భాగం. 1932లో దీనార్ వచ్చే దాకా ఇరాక్‌లో చెల్లిన నాణెం భారత రూపాయి. ఖిలాఫత్ ఉద్యమం గురించి పుటలు నింపే విద్యార్థి ఆ ఉద్యమపు డిమాండ్లలో అరబ్ భూములు ఉన్నాయన్న సంగతి మరచిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

చివరగా, ఆందోళనతో అడిగేవారి మాట. పశ్చిమాసియాలో యుద్ధ వార్త వచ్చినప్పుడల్లా ఒక సందేశం తిరుగుతుంది: వంద ఏళ్ల గడువు ముగిసింది, పాత ఒప్పందాలు రద్దు, సరిహద్దులు మళ్లీ గీస్తారట అని. రాజంపేట వైపు నుంచి వచ్చి మా కళాశాలలో చదువుకుంటున్న ఒక అమ్మాయి ఆ సందేశాన్ని తన తల్లికి చదివి వినిపించిందట, భర్త కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఆమె మరునాడే కళాశాలకు వచ్చి, “మేడం, ఆ దేశం ఉంటుందా, ఆయన్ని రమ్మని చెప్పమంటారా?” అని నన్ను అడిగింది. ఇలాంటి పుకార్లు పుట్టించేవారి మీద నాకు కోపం, ఆమె భయం మీద మాత్రం గౌరవమే. కూర్చోబెట్టి చెప్పాను: “అమ్మా, లాసాన్ సంధికి గాని, సైక్స్-పికోకు గాని గడువు తేదీ అంటూ ఏదీ లేదు. కువైట్ ఏనాడూ మాండేట్ కాదు; 1899 నుంచి అది బ్రిటన్ రక్షణలో ఉన్న రాజ్యం, 1961లో స్వతంత్రమైంది. ఇరాక్‌తో దాని సరిహద్దును ఐక్యరాజ్యసమితి సంఘం రాళ్లు పాతి గుర్తించింది, 1993లో భద్రతా మండలి దాన్ని ఆమోదించింది, మరుసటి ఏడాది ఇరాక్ కూడా ఒప్పుకుంది.” భర్తను వెనక్కి రమ్మనాలా వద్దా అన్నది అక్కడి మన రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలు చూసి నిర్ణయించుకోవాలని, ఫార్వర్డ్ చూసి కాదని చెప్పి, ఆ కార్యాలయపు హెల్ప్‌లైన్ నంబరు ఎలా వెతకాలో ఆ అమ్మాయికి చూపించాను.