గోడకు వేసే క్విల్ట్‌ను మడిచి బీరువాలో పెట్టకండి

హన్మకొండలో నేను క్విల్ట్ వాల్ హ్యాంగింగ్‌లు, అంటే గుడ్డ ముక్కలు అతికి లోపల దూది పెట్టి గోడకు వేలాడదీసేలా చేసేవి, కుడతాను, పాతవి బాగుచేస్తాను. దసరా ముందు ఇళ్లకు రంగులు వేయిస్తారు కదా, పండుగ అయ్యాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే ప్రశ్న: "గోడ మీంచి తీసి మంచిగనే మడిచి పెట్టినం, ఈ గీతలు ఎట్ల పడ్డయి?" ఆ మడతల వల్లే పడ్డాయి.

అపోహ: చీరలాగే దీన్నీ మడవచ్చు, మడత పడితే ఇస్త్రీతో పోతుంది.

పోదు. చీర ఒక్క పొర. క్విల్ట్‌లో పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది, వెనక లైనింగ్ ఉంటాయి. మడిచినచోట బయటి పొర సాగుతుంది, లోపలిది నలుగుతుంది, దూది అణిగిపోతుంది. పైన నాలుగు పట్టుచీరలు పెడితే ఆ బరువంతా ఆ గీత మీదే పడుతుంది. అలా నెలల తరబడి ఉంటే పోగులు తెగడం మొదలవుతుంది. తెగిన పోగును ఇస్త్రీపెట్టె అతికించలేదు. పాత పట్టు, జరీ అయితే ఇంకా త్వరగా చిట్లుతాయి. లోపల పాలిస్టర్ దూది ఉంటే వేడికి అణిగిపోయి మళ్లీ పొంగదు.

కరీంనగర్ నుంచి ఒకావిడ, చనిపోయిన వాళ్లమ్మ చీరలతో కుట్టించుకున్న హ్యాంగింగ్ తెచ్చారు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంది. విప్పగానే జరీ అంచు అడ్డంగా విరిగి కనిపించింది. "అక్కా, నేనే పాడుచేసిన" అని ఏడ్చారు. ఆమె తప్పేముంది? విలువైన గుడ్డను మడిచి బీరువాలో దాచాలనే మనందరికీ నేర్పారు. విరిగినచోట వెనక నుంచి సన్నని గుడ్డ ఆసరా వేసి కుట్టగలిగాను గానీ, గీత మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది.

దీన్ని చుట్టాలి. చేర్యాల నకాషీ పటాలను, అంటే గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసిన పొడవాటి పటాలను, కథ చెప్పేవాళ్లు చుట్టే మోసుకెళ్లేవారు, కథ సాగేకొద్దీ విప్పేవారు. మనకు కొత్త పద్ధతేమీ కాదు.

ఫ్లోర్ మ్యాట్‌లు అమ్మే షాపుల్లో లావు అట్ట గొట్టాలు దొరుకుతాయి. అడ్డుకొలత కనీసం 4 అంగుళాలు ఉండాలి, సన్నని గొట్టానికి చుడితే ముడతలు ఖాయం. పొడవు హ్యాంగింగ్ వెడల్పు కన్నా రెండు వైపులా 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అట్టలోని ఆమ్లం గుడ్డను పసుపెక్కిస్తుంది కాబట్టి ముందు గొట్టానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దాని మీద గంజి పోయేలా ఉతికిన కోరా గుడ్డ చుట్టండి. హ్యాంగింగ్‌కు ఉన్న కర్ర, పిన్నులు తీసేయండి. కర్ర మరక వేస్తుంది, పిన్ను తుప్పు పడుతుంది. చుట్టేటప్పుడు డిజైన్ బయటికి ఉండాలి. దాదాపు అందరూ డిజైన్ పాడవుతుందని లోపలికి చుడతారు. కానీ ముడతలు పడేది లోపలి వైపే, అవి లైనింగ్‌కు పడితే నష్టం తక్కువ. లంబాడీ అద్దాల పని ఉంటే మధ్యలో మెత్తని గుడ్డ వేస్తూ చుట్టండి. పైన ఇంకో కోరా గుడ్డ కప్పి, వెడల్పు నాడాతో వదులుగా కట్టి, పడుకోబెట్టండి. నిలబెడితే కిందికి జారి అంచు నలుగుతుంది.

చోటు లేదంటారా? వాడని మంచం మీద పరిచి, పైన దుప్పటి కప్పితే అంతకన్నా మంచిది లేదు. మడవక తప్పకపోతే ప్రతి మడతలో లావుగా చుట్టిన నూలు గుడ్డ పెట్టండి, మూడు నెలలకోసారి మడత చోటు మార్చండి.

మిగతావి గబగబా చెప్తాను. ప్లాస్టిక్ కవర్లో పెడితే భద్రం అనుకోకండి, వానాకాలం తేమ లోపలే చిక్కి బూజు పడుతుంది. ఏటా ఎండలో వేయాలనేది పరుపుల సంగతి, మన ఎండలకు రంగు వెలిస్తే మళ్లీ రాదు. పొడి రోజు చూసి నీడలో గాలికి ఆరేస్తే చాలు. గోడకు ఉన్నప్పుడు కూడా పడమటి కిటికీ ఎదురుగా వద్దు, అద్దం వేసినంత మాత్రాన వెలుగు ఆగదు. కలరా ఉండలు నూలుకు పెద్దగా పనికిరావు, పైగా కొన్ని ప్లాస్టిక్ చమ్కీలను మెత్తబరుస్తాయి. ఎండిన వేపాకు పెట్టాలనుకుంటే గుడ్డ సంచిలో కట్టి పక్కన పెట్టండి, నేరుగా తగిలితే మరక. సజ్జ మీద పెట్టకండి, మే నెలలో స్లాబు కింద గుడ్డ ఉడికిపోతుంది.

ఇప్పటికే మడతలు పడ్డాయని టెన్షన్ పడేవాళ్లకు: నీళ్లు చల్లకండి, ఎరుపు, నీలం కారితే అసలుకే మోసం. డిజైన్ పైకి ఉండేలా పరిచి కొన్ని రోజులు వదిలేయండి, తర్వాత గోడకు వేయండి, దాని బరువుకే కొంత సర్దుకుంటుంది. నూలుదైతే చాలా వరకు సర్దుకుంటుంది. పాత పట్టు అయితే, మడత దగ్గర దారాలు లేచి కనిపిస్తే, అసలు విదిలించకుండా అలాగే పలక మీద పెట్టుకుని కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.