జపాన్ క్రూయిజరా, అమెరికన్ క్రూయిజరా? షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"అన్నా, జపాన్ బండి తీసుకుంటే ఇక దాన్ని పట్టించుకోవాల్సిన పనే లేదంటగా?"

క్రూయిజర్, అంటే తక్కువ ఎత్తు సీటు మీద తీరిగ్గా కూర్చుని నడిపే బైకు, కొనబోయేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. వెంటనే అమెరికన్ బండి హార్లీ-డేవిడ్సన్ గురించి ఇంకోటి వస్తుంది: "హార్లీ అయితే ఎప్పుడూ షెడ్డులోనే ఉంటుందట, నిజమేనా?" రెండూ తప్పే. కాకపోతే రెండోది నమ్మినవాళ్లు మహా అయితే మనసుపడ్డ బండి కొనకుండా ఆగిపోతారు. మొదటిది నమ్మినవాళ్లు బండి కొని, నిశ్చింతగా తిప్పి, ఒకరోజు ఇంజిన్ హెడ్డు విప్పాల్సిన స్థితిలో నా దగ్గరికి వస్తారు. అందుకే మొదటిదాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: జపాన్ క్రూయిజర్‌కు పెట్రోలు పోసి, ఆయిల్ మారిస్తే చాలు

ఈ మాట ఎలా పుట్టిందో నాకు అర్థమవుతుంది. హోండా షాడో, యమహా వీ స్టార్, సుజుకి ఇంట్రూడర్ లాంటి బండ్లు నిర్లక్ష్యాన్ని చాలాకాలం ఓర్చుకుంటాయి. సర్వీసు తప్పినా మరుసటి రోజు ఆగిపోవు. దాంతో అసలు సర్వీసే అక్కర్లేదనే నమ్మకం కుదిరిపోయింది.

ముందు టాపెట్ల సంగతి చూడండి. ఇంజిన్ వాల్వులకు, వాటిని నొక్కే భాగాలకు మధ్య కొద్దిపాటి గ్యాప్ ఉండాలి, టాపెట్లు సెట్ చేయడమంటే ఆ గ్యాప్ సరిచేయడమే. హార్లీ వీ-ట్విన్‌లలో (V ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజిన్లు) ఎక్కువ భాగం ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లతో వస్తాయి. గ్యాప్‌ను అవే సర్దుకుంటాయి, టాపెట్లు సెట్ చేసే పని ఉండదు. జపాన్ బండ్లలో అలా ఒకే పద్ధతి లేదు. హోండా షాడో 1100లో హైడ్రాలిక్ ఉంది. అదే కంపెనీ 1998 నుంచి తెచ్చిన షాడో 750లో స్క్రూ, లాక్‌నట్ పద్ధతి. యమహా వీ స్టార్ 650, 1100 రెండింట్లోనూ స్క్రూలే. అంటే మాన్యువల్‌లో చెప్పిన దూరానికి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నటి రేకు) పెట్టి చూడాల్సిందే. "మెయింటెనెన్స్ అక్కర్లేని" బండికే ఈ పని ఉంది, "ఎప్పుడూ షెడ్డులో ఉండే" బండికి లేదు.

"ఇంజిన్ సైలెంట్‌గా ఉందండీ, టాపెట్లు శబ్దం చేయడం లేదు, ఎందుకు విప్పడం?" అంటారు. అసలు ప్రమాదం ఆ సైలెంట్‌లోనే ఉంది. తిరిగేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వ్, దాని సీటు అరుగుతాయి. వాల్వ్ కొంచెం కొంచెంగా హెడ్డులోకి దిగుతుంది, దాంతో గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే శబ్దమూ తగ్గుతుంది. చివరికి గ్యాప్ అసలు లేకుండా పోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. తన వేడిని సీటుకు వదిలేది మూసుకున్నప్పుడే కాబట్టి, మూసుకోని వాల్వ్ కాలిపోతుంది. కంప్రెషన్ పోతుంది. కొద్దిగా టకటకలాడే టాపెట్లు చూస్తే నాకు భయం ఉండదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని, మరీ నిశ్శబ్దంగా నడిచే స్క్రూ టాపెట్ ఇంజిన్ చూస్తేనే ముందు గేజ్ తీస్తాను.

తర్వాత షాఫ్ట్, అంటే చెయిన్ బదులు ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి చేర్చే కడ్డీ. "షాఫ్ట్ డ్రైవ్ అన్నా, చెయిన్ గొడవ లేదు" అని సంబరంగా చెబుతారు. చెయిన్ గొడవ లేని మాట నిజమే. కానీ వెనక ఫైనల్ డ్రైవ్‌లో (చక్రం పక్కనుండే గేర్ల పెట్టె) గేర్ ఆయిల్ ఉంటుంది, అది మార్చాలి. అంతకంటే ముఖ్యం, వెనక చక్రం హబ్బు ఫైనల్ డ్రైవ్‌తో కలిసేచోట స్ప్లైన్లు (ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లు) ఉంటాయి. చక్రం విప్పినప్పుడల్లా వాటిని శుభ్రంగా తుడిచి, కంపెనీ చెప్పిన మోలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజు పట్టించాలి. ఇది బయటికి కనిపించదు, చప్పుడు చేయదు, ఎవరికీ గుర్తుండదు.

ఒక కుర్రాడు టైరు మార్పించుకోవడానికి అలాంటి బండి తెచ్చాడు. తక్కువ కిలోమీటర్లు తిరిగింది, పెయింటు మెరుస్తోంది, క్రోమ్ మీద మచ్చ లేదు. ఏళ్లు దాచుకున్న డబ్బుతో కొన్నానని చెప్పాడు. చక్రం బయటికి లాగితే గ్రీజు లేదు, ఎర్రటి తుప్పు పొడి రాలింది. స్ప్లైన్ పళ్లు సగానికి సగం అరిగి, కొనదేలి రంపపు పళ్లలా ఉన్నాయి. అంతకుముందు టైరు మార్చినవాళ్లు గ్రీజు పెట్టకుండానే చక్రం బిగించేసినట్టున్నారు. ఇంకొంతకాలం అలాగే తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది, గేరు పడుతుంది, బండి మాత్రం కదలదు. "షాఫ్ట్‌కి ఏమీ చేయక్కర్లేదని అమ్మినాయన చెప్పాడన్నా" అంటూ ఆ పిల్లాడు అక్కడే కూర్చుండిపోయాడు. అతని తప్పేం ఉంది? అందరూ చెప్పే మాటే అతనూ నమ్మాడు. హబ్బు, ఫైనల్ డ్రైవ్ రెండూ వెతికి వేయాల్సి వచ్చింది. కొంచెం గ్రీజుతో, కాసేపటి శ్రమతో తప్పిపోయే ఖర్చు అది.

మూడోది, నిలబెట్టిన బండి. "ఇరవై ఏళ్ల బండి, పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదు" అంటే చాలామంది కళ్లు మెరుస్తాయి. నాకు టెన్షన్ మొదలవుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు ఎండి పైలట్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం) మూసుకుపోయి ఉంటుంది. ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, కాలిపర్ పిస్టన్లు పట్టేస్తాయి. ఫోర్క్ సీళ్లు గట్టిపడతాయి. టైరు మీద పళ్లు నిండుగా ఉంటాయి కానీ రబ్బరు రాయిలా ఉంటుంది. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. బండి ఎంత తిరిగిందో మీటరు చెబుతుంది, టైరు వయసు చెప్పేది ఆ అంకెలే.

ఇంకొకటి, ఆయిల్. చాలా జపాన్ క్రూయిజర్లలో ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు, క్లచ్‌కు ఒకటే ఆయిల్. క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఇలా ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జపాన్ ప్రమాణం) గుర్తు ఉన్నదే పోయాలి. మిగిలిందని కారు ఆయిల్ పోస్తే, అందులోని ఫ్రిక్షన్ మాడిఫైయర్ల వల్ల క్లచ్ జారడం మొదలవుతుంది. హార్లీ బిగ్ ట్విన్‌లలో (దాని పెద్ద వీ-ట్విన్ బండ్లు) ఇంజిన్, ప్రైమరీ (ఇంజిన్ నుంచి క్లచ్‌కు శక్తి చేర్చే భాగం), గేర్‌బాక్స్ మూడింటి ఆయిల్ వేర్వేరు. మూడుచోట్లా మార్చాలి. ఒకచోట మార్చి మూడూ అయిపోయాయని అనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి వాడిన జపాన్ క్రూయిజర్ చూడటానికి వెళ్తే, "ఏమైనా ట్రబుల్ ఇచ్చిందా?" అని అడగడం దండగ. "టాపెట్లు చివరిసారి ఎప్పుడు చూశారు? చక్రం తీసినప్పుడు స్ప్లైన్లకు గ్రీజు పెట్టారా? కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు?" అని అడగండి. జవాబుల్లేకపోతే ఆ పనులన్నీ మీ ఖర్చులోనే లెక్క వేసుకుని బేరం ఆడండి. ఆ పనులు ఒకసారి చేయించాక ఆ ఇంజిన్లు నిజంగానే చాలాకాలం నడుస్తాయి, వాటి మీద నాకున్న గౌరవం చిన్నది కాదు.

అపోహ: హార్లీ అంటే ఆయిల్ కారుతుంది, దారిలో ఆగిపోతుంది

ఈ పుకారుకు ఒక కాలం ఉంది. 1969 నుంచి 1981 వరకు హార్లీ-డేవిడ్సన్ ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతిలో ఉంది. ఆనాటి బండ్ల నాణ్యత మీద వచ్చిన ఫిర్యాదులు చాలా వరకు నిజమే. 1981లో కంపెనీ అధికారులే కొందరు కలిసి దాన్ని తిరిగి కొనుక్కున్నారు. 1984 మోడల్ బండ్లతో ఎవల్యూషన్ ఇంజిన్ వచ్చాక ఆ ఆయిల్ కారే కథ చాలావరకు ముగిసింది. ఇప్పటికీ అదే కథ చెప్పేవాళ్లలో చాలామంది ఒక హార్లీని విప్పి చూసి ఉండరు. వినీ వినీ విసుగొచ్చింది.

నిజమైన బలహీనతలు వేరే ఉన్నాయి, అవి తెలుసుకోవాలి. 1999లో వచ్చిన ట్విన్ క్యామ్ ఇంజిన్‌లో క్యామ్ (వాల్వులను తెరిపించే భాగం) చెయిన్లను బిగువుగా ఉంచే టెన్షనర్లు స్ప్రింగుతో పనిచేసేవి. వాటి ప్లాస్టిక్ షూ అరుగుతుంది. బాగా అరిగి ముక్కలు రాలితే అవి ఆయిల్ పంపులోకి చేరతాయి, అక్కడి నుంచి ఇంజిన్‌కే ముప్పు. 2006లో డైనా మోడళ్లకు, 2007లో మిగతా బిగ్ ట్విన్‌లకు హైడ్రాలిక్ టెన్షనర్లు వచ్చాయి.

ఇది ఎక్కడో చదివి నిద్రపట్టని వాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. ఒక పెద్దాయన అయితే బండి తీయడమే మానేశారు, "ఎప్పుడు పగిలిపోతుందోనని భయంగా ఉంది బాబూ" అన్నారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. అది చెప్పకుండా పేలే బాంబు కాదు. క్యామ్ కవర్ తీసి షూ ఎంత మిగిలిందో చూడొచ్చు. కవర్ తీయగానే కనిపించేది బయటి షూ మాత్రమే, లోపలిది సరిగ్గా చూడాలంటే ఇంకొంచెం విప్పాలి. బయటిది చూసి బాగుందని మూసేస్తే పని సగమే అయినట్టు. అరిగితే కొత్త షూ వేయొచ్చు, హైడ్రాలిక్‌కు మార్చే కిట్లు ఉన్నాయి, చెయిన్లే లేకుండా గేర్లతో తిరిగే క్యామ్‌లూ దొరుకుతాయి. ఒకసారి చూపించుకుని, హాయిగా తిప్పుకోండి. 1999-2006 మధ్య బండి కొనబోతుంటే టెన్షనర్లు మార్చిన బిల్లు అడగండి. 2017 మోడళ్ల నుంచి వచ్చిన మిల్వాకీ-ఎయిట్‌లో మళ్లీ ఒకే క్యామ్ పెట్టారు, పాత ట్విన్ క్యామ్ భయాన్ని దానికి అంటగట్టకండి.

పాత హార్లీ తీసుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో డాట్ 5 సిలికాన్ బ్రేక్ ఫ్లూయిడ్ ఉండేది, తర్వాతవాటికి డాట్ 4. రెండూ కలపకూడదు. మాస్టర్ సిలిండర్ మూత మీద రాసి ఉంటుంది, చదివి పోయండి.

అపోహ: జపాన్ క్రూయిజర్లన్నీ హార్లీకి కాపీలే

ఆకారం, కూర్చునే తీరు అమెరికన్ బండ్ల నుంచే వచ్చాయి, అందులో అనుమానం లేదు. ఇంజిన్ లోపల మాత్రం చాలా తేడా. హార్లీ బిగ్ ట్విన్‌లో సిలిండర్ల మధ్య 45 డిగ్రీలు, పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్‌పిన్ మీద. అందువల్ల ఒక ఫైరింగ్‌కూ ఇంకోదానికీ మధ్య 315 డిగ్రీలు, ఆ తర్వాత 405 డిగ్రీలు. ఆ కుంటి నడక లాంటి శబ్దం అక్కడి నుంచే వస్తుంది. షాడో 750లో 52 డిగ్రీలు, వీ స్టార్ 650లో 70, 1100లో 75. 1995లో హోండా షాడో 1100 ఏస్‌కు హార్లీలా ఒకే పిన్ క్రాంక్ పెట్టింది, శబ్దం దగ్గరగా వచ్చింది, వైబ్రేషన్ కూడా పెరిగింది. ఇప్పటి హోండా రెబెల్ 500, 1100లో అయితే వీ-ట్విన్ లేదు, ప్యారలల్ ట్విన్ (రెండు సిలిండర్లూ పక్కపక్కనే). అమెరికన్ వైపు చూసినా అంతే, ఇండియన్ మోటార్‌సైకిల్ అనే అమెరికన్ కంపెనీ స్కౌట్ ఇంజిన్ 60 డిగ్రీల లిక్విడ్ కూల్డ్. దేశం పేరు చూసి ఇంజిన్ స్వభావం చెప్పే రోజులు పోయాయి.

అపోహ: అమెరికన్ బండి అంతా అమెరికాలోనే, జపాన్ బండి అంతా జపాన్‌లోనే

కాదు. హోండా 1980 నుంచి 2009 వరకు గోల్డ్ వింగ్ బైకును అమెరికా ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌లో తయారు చేసింది. హార్లీలో షోవా ఫోర్కులు, కేహిన్ కార్బొరేటర్లు ఏళ్ల తరబడి వాడారు, ఆ రెండూ జపాన్ కంపెనీలే. 1983లో అమెరికా 700 సీసీ దాటిన విదేశీ బండ్ల మీద అదనంగా 45 శాతం సుంకం వేస్తే, జపాన్ కంపెనీలు ఇంజిన్లను 699 సీసీకి కుదించి పంపాయి. ఆనాటి వాడిన బండ్లలో 700లు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. అవి బలహీనమైన బండ్లని కొట్టిపారేయకండి.

అపోహ: పాతబడితే జపాన్ బండికే పార్ట్స్ సులువుగా దొరుకుతాయి

చాలాసార్లు తలకిందులు. హార్లీ ఒకే ఇంజిన్‌ను ఏళ్ల తరబడి ఎన్నో మోడళ్లలో వాడింది, బయటి కంపెనీలు కూడా పార్ట్స్ చేస్తాయి. జపాన్ కంపెనీలు మోడళ్లను త్వరత్వరగా మార్చాయి. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు దొరుకుతాయి. పాత మోడల్ సైడ్ ప్యానెల్, ట్యాంకు, ఒక ప్రత్యేకమైన గేరు కావాలంటే వెతుకులాట తప్పదు. కొనే ముందే ఆ మోడల్‌కు ఏమేం దొరకడం లేదో కనుక్కోండి.

అపోహ: సైలెన్సర్ శబ్దం ఎక్కువగా ఉంటే ప్రాణం నిలుస్తుంది

శబ్దం ఎక్కువగా వెనక్కి పోతుంది, ఎదురుగా మలుపు తిరిగే కారువాడికి మీరు కనిపించడం ముఖ్యం. దీనికి ఇంతకుమించి సమయం వృథా చేయను.

అపోహ: క్రూయిజర్ ఎంత బరువుంటే అంత స్థిరం, పెద్దదే తీసుకోవాలి

నేరుగా పోతున్నప్పుడు బరువు హాయిగానే ఉంటుంది. కింద పడేది దాదాపు ఎప్పుడూ ఆగే ముందు, లేదా ఆగి తిప్పేటప్పుడు. రెబెల్ 500 సుమారు 190 కిలోలు, షాడో ఏరో 250 దాటుతుంది, హార్లీ స్ట్రీట్ గ్లైడ్ 360 పైమాటే. మొదటిసారి కొనేవాళ్లు, ముఖ్యంగా "నాకు బలం సరిపోదేమో" అని సిగ్గుపడుతూ అడిగేవాళ్లు, షోరూంలో నిశ్చింతగా ఇది చేయండి: బండి ఎక్కి, సైడ్ స్టాండ్ తీయకముందే హ్యాండిల్ నిటారు చేసి, బండిని నిలువుగా లేపి, మళ్లీ స్టాండ్ మీదకి వాల్చండి. దిగి, చేత్తో పట్టుకుని రెండు అడుగులు వెనక్కి తోయండి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చేతులు అందుతున్నాయో చూడండి. అమ్మేవాడు తొందరపెడితే పెట్టనివ్వండి. ఈ మూడూ మీకు తేలిగ్గా వస్తే, అది ఏ దేశపు బండైనా టెస్ట్ రైడ్ అడగండి. రాకపోతే పక్కనున్న చిన్నదాని మీద అదే చేసి చూడండి.