సీడీ ప్లేయరా, స్ట్రీమరా: అసలు తేడా ఎక్కడుంది?

సీడీల కాలం అయిపోయిందని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. అయినా మంచి స్పీకర్లు కొన్నవాళ్లకి ఏదో ఒకరోజు ఈ సందేహం రాక మానదు. అటక మీదున్న డిస్కుల కోసం మళ్లీ ఒక ప్లేయర్ కొనాలా, ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చుకునే స్ట్రీమర్ ఒక్కటి సరిపోతుందా? షాపులో అడిగితే ధర ఎక్కువున్నదే బాగా పాడుతుందంటారు. పెట్టె లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చో మనకే అర్థమవుతుంది.

1982 అక్టోబరులో సోనీ తన తొలి సీడీ ప్లేయర్ సీడీపీ-101ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. సోనీ, ఫిలిప్స్ కలిసి కుదుర్చుకున్న లెక్క ఇప్పటికీ అదే. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలవాలి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాయాలి. మన చెవికి వినిపించేది సుమారు 20 హెర్ట్జ్ (అంటే సెకనుకు 20 కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, అదీ చిన్న వయసులో. ఏ కంపనాన్నైనా పూర్తిగా పట్టుకోవాలంటే దాని వేగానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలని గణితం చెబుతుంది. అంటే 40,000 పైన కొంచెం వెసులుబాటు ఉంటే సరి. మరి 44,000 అని గుండు సంఖ్య పెట్టుకోకుండా ఆ పైన వంద దేనికి? అప్పట్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద రికార్డు చేసేవారు. టీవీ బొమ్మలో ఒక్కో గీతకు 3 కొలతలు, ఒక్కో ఫీల్డుకు (అంటే సగం బొమ్మకు) 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించి చూడండి. టీవీ వాళ్ల లెక్క అలా సంగీతానికి అంటుకుంది.

డిస్కు మీద ఈ అంకెలన్నీ సన్నటి గుంటల రూపంలో ఉంటాయి. వరసకీ వరసకీ మధ్య 1.6 మైక్రాన్ల దూరం. 780 నానోమీటర్ల లేజర్ లోపలి నుంచి బయటి అంచుకి చదువుకుంటూ వస్తుంది. మొదట్లో నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరిగే డిస్కు చివరికొచ్చేసరికి 200 చుట్లకు నెమ్మదిస్తుంది. డిస్కు ఎంత చదునుగా కనిపించినా తిరిగేటప్పుడు కొద్దిగా ఊగుతుంది. అందుకే లెన్సును సన్నని తీగచుట్టల మధ్య వేలాడదీస్తారు. తీగల్లో కరెంటు మారినకొద్దీ లెన్సు పైకీ కిందకీ కదులుతూ ఫోకస్ తప్పకుండా చూసుకుంటుంది. పాట మొదలుకాకముందు ప్లేయర్ చేసే సన్నటి 'చిక్ చిక్' చప్పుడు లెన్సు తన ఫోకస్ వెతుక్కుంటున్నప్పటిదే.

గీతలు పడ్డ డిస్కు కూడా చాలాసార్లు ఏ లోపం లేకుండా పాడుతుంది కదా, ఇందులో పెద్ద ఇంజినీరింగే ఉంది. పాటలో పక్కపక్కనుండే కొలతలను డిస్కు మీద దూరం దూరంగా విడగొట్టి రాస్తారు, ఊరెళ్లేటప్పుడు డబ్బంతా ఒకే జేబులో పెట్టుకోనట్టు. ఒకచోట గీత పడి కొన్ని పోయినా, ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ 1960లో ప్రచురించిన కోడు మిగతావాటిని బట్టి పోయినవాటిని లెక్కగట్టి రాబడుతుంది. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం తుడిచిపెట్టుకుపోయినా తిరిగొచ్చేది ఉజ్జాయింపు అంకె కాదు, అచ్చంగా అదే అంకె. గీత అంతకన్నా పెద్దదైతేనే ప్లేయర్ అటూ ఇటూ చూసి ఊహించి పూడుస్తుంది. అదీ చేతకాకపోతే పాట తెగుతుంది.

ఇలా రాబట్టిన అంకెలు ముందు ఒక చిన్న మెమరీలో చేరతాయి. అక్కడినుంచి క్వార్ట్జ్ గడియారం వేసే తాళానికే బయటికొస్తాయి. కాబట్టి డిస్కు ఊగినా ఆ ఊపు పాటలోకి రాదు. ప్లేయర్ ఊగకుండా అంటూ రాతి పాదాలు, బరువైన ఇత్తడి బిగింపులు అమ్మేవాళ్లు ఈ మెమరీ సంగతి మాత్రం చెప్పరు.

స్ట్రీమర్ చేసేదీ ఇంతే. అంకెలు డిస్కు మీదనుంచి కాకుండా వైఫై మీదుగానో ల్యాన్ తీగ మీదుగానో వస్తాయి. మెమరీలో నిండుతాయి, గడియారం లెక్కన బయటికొస్తాయి, వాటిని డ్యాక్ అనే చిప్ విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఫిలిప్స్ తొలి ప్లేయర్లలో ఈ చిప్ 14 బిట్లదే. కొలతల మధ్య అదనపు కొలతలను లెక్కగట్టి చేర్చే ఓవర్‌శాంప్లింగ్ ఉపాయంతో దాన్ని 16 బిట్ల స్థాయికి తెచ్చారు. ఇవాళ సాధారణ ధరకు దొరికే డ్యాక్‌ల లోపాలు చాలామటుకు చెవికి అందనంత చిన్నవి.

అంటే అన్నీ ఒకటేనా? కాదు. డ్యాక్‌కి చేరేలోపు అంకెలు పాడవకుండా ఉండాలి. కుడి, ఎడమ రెండు ఛానెళ్లూ కలిపి సీడీ సెకనుకు 14,11,200 బిట్లు ఇస్తుంది. ఒకప్పుడు కోఠి ఫుట్‌పాత్‌ల మీద 'ఒకే డిస్కులో 150 పాటలు' అని అమ్మిన ఎంపీ3 సీడీల్లో చాలావాటికి అందులో పదకొండో వంతే ఉండేది. పైగా సంగీతానికే చేసిన చాలా సీడీ ప్లేయర్లు ఎంపీ3 డిస్కును పాడవు, కొనేముందు అడగాలి. స్ట్రీమింగ్‌లో లాస్‌లెస్ అని ఉంటే అంకెలు పూర్తిగా వస్తున్నట్టే. ఆపిల్ మ్యూజిక్ 2021లో దాన్ని అదనపు డబ్బు లేకుండా ఇచ్చింది. కానీ ఫోనులో లాస్‌లెస్ పెట్టి బ్లూటూత్‌లో స్పీకర్‌కి పంపితే పాటను మళ్లీ కుదించినట్టే. స్పాటిఫై కనెక్ట్ లాంటి పద్ధతిలో ఫోను రిమోటు మాత్రమే. పాట రౌటర్ నుంచి నేరుగా స్ట్రీమర్‌లోకి వెళ్తుంది, మధ్యలో ఫోన్ మోగినా ఆగదు. నేనైతే ఈ ఒక్క సౌకర్యం కోసమే స్ట్రీమర్ కొనమంటాను. డ్యాక్ విడి పెట్టెగానూ దొరుకుతుంది. దాని మీద చిన్న తెర ఉంటే చూడండి, సీడీ స్థాయి పాట నడుస్తుండగా 44.1 (వేలల్లో) అని ఉండాలి. 48 అని చూపిస్తోందంటే దారిలో ఎవరో అంకెలు మార్చేస్తున్నారు.

ఇంకా పైస్థాయి కావాలంటే ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) ఉంది. 1999లో వచ్చిన ఈ డిస్కు సెకనుకు 28 లక్షల సార్లకు పైగా కొలుస్తుంది. ఆ తేడా చెవికి తెలుస్తుందా? 2007లో అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ ఇలాంటి రికార్డింగులనే ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి దించి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పింది 276, బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ పాత అధ్యయనాలు 18 కలిపి లెక్కవేస్తే సరిగ్గా చెప్పినవి 52.3 శాతమని తేలింది. తేడా ఉందనుకున్నా, అది లక్షలు పోసి వెతుక్కునేంతది కాదని నా అభిప్రాయం.

షాపులో రెండు పెట్టెలను పోల్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. కొద్దిగా గట్టిగా మోగేది మన చెవికి 'మెరుగ్గా' అనిపిస్తుంది. సీడీ ప్లేయర్ల అవుట్‌పుట్ మామూలుగా 2 వోల్టులు. చిన్న స్ట్రీమర్లలో కొన్ని అంతకన్నా తక్కువిస్తాయి. అందుకని 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి చూడాలి. ఒకటి 2.00 చూపిస్తే రెండోది 2.02 దాటకుండా వాల్యూమ్ సరిచేయాలి. అంటే 0.1 డెసిబెల్ లోపు. ఆ తర్వాత ఏ పెట్టె పాడుతోందో మీకు తెలియకుండా ఇంకొకరి చేత మార్పించి వినండి. షోరూంలో దీనికి ఒప్పుకునేవాళ్లు తక్కువే అనుకోండి.

నా లెక్కలో అసలు తేడా శబ్దంలో లేదు, ఆయుష్షులో ఉంది. డిస్కు ప్లేయర్‌లో కదిలే భాగాలున్నాయి. మోటారు అరుగుతుంది, లేజర్ బలం తగ్గుతుంది, తేమ ఎక్కువున్న కోస్తా ఊళ్లలో లెన్సు మసకబారుతుంది. కాబట్టి ముందు అడగాల్సింది లేజర్ యూనిట్ విడిగా దొరుకుతుందా అని. సోనీ కేఎస్‌ఎస్-213 లాంటి యూనిట్లను ఎన్నో కంపెనీలు వాడాయి గనక అలాంటివాటికి మరమ్మతు సులువు. ఎస్‌ఏసీడీ, బ్లూరే కలిపి పాడే ప్లేయర్లలో పేరున్న ఒప్పో 2018లో ఆ వ్యాపారమే మానేసింది.

స్ట్రీమర్‌లో అరిగేదేమీ లేదు, దాన్ని చంపేది సాఫ్ట్‌వేర్. 2025 మార్చిలో గూగుల్ స్ట్రీమర్లైన రెండో తరం క్రోమ్‌కాస్ట్, క్రోమ్‌కాస్ట్ ఆడియో ఒక్కసారిగా మూగబోయాయి. కారణం, పదేళ్ల గడువున్న ఒక డిజిటల్ సర్టిఫికెట్ తీరిపోవడం. గూగుల్ కొన్ని రోజులకు సరిచేసింది. లాజిటెక్ కంపెనీ స్క్వీజ్‌బాక్స్ స్ట్రీమర్ల తయారీని 2012లో ఆపేసింది, వాటి ఆన్‌లైన్ సర్వీసును 2024లో మూసేసింది. అయినా ఆ పెట్టెలు చాలా ఇళ్లలో ఇంకా పాడుతున్నాయి, ఎందుకంటే వాటిని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంది. ఉత్సాహం ఉన్న ప్రోగ్రామర్లే దాన్ని నడుపుకొస్తున్నారు. కాబట్టి ఒకే కంపెనీ యాప్ మీద ఆధారపడేదాని కన్నా డీఎల్‌ఎన్‌ఏ, ఎయిర్‌ప్లే లాంటి, ఇంటి నెట్‌వర్క్ మీద పాట పంపే నాలుగు దారులున్నది మేలు. వీలైతే డ్యాక్ వేరు, స్ట్రీమర్ వేరుగా కొనండి. స్ట్రీమర్ పోయినా డ్యాక్ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో మూడ్ ఆడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నా తక్కువ ఖర్చులో మంచి స్ట్రీమర్ తయారవుతుంది.

కర్ణాటక సంగీతం వినేవాళ్లు గ్యాప్‌లెస్, అంటే ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా పాడే సదుపాయం, ఉందో లేదో తప్పక చూడాలి. కచేరీ రికార్డింగులో రాగం, తానం, పల్లవిని వేర్వేరు ట్రాకులుగా విడగొడతారు. మధ్యలో తంబూర మోగుతూనే ఉంటుంది. ఈ సదుపాయం లేని స్ట్రీమర్ సరిగ్గా అక్కడ అర సెకను నోరు మూసుకుంటుంది. మామూలు సీడీ ప్లేయర్‌కి ఆ తంటా లేదు. ఇలాంటి పాత కచేరీ డిస్కులు స్ట్రీమింగ్‌లో దొరకనివి ఇంట్లో ఉంటే వాటిని కంప్యూటర్‌లో ఫ్లాక్ ఫైళ్లుగా దించి పెట్టుకోవచ్చు. అంకె ఒక్కటి పోకుండా సుమారు సగం చోటులో పడతాయి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు పెట్టె వెనక అతికించిన చీటీ ఫోటో ముందే అడగండి. 100-240 వోల్ట్స్ అని ఉంటే ప్లగ్ మారిస్తే సరిపోతుంది, 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సిందే. సీడీకి, ఎస్‌ఏసీడీకి రీజియన్ గొడవ, అంటే ఒక ప్రాంతపు డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో పాడకపోవడం, లేదు. సినిమాల బ్లూరేకు మాత్రం ఉంది. వాళ్లది ఏ, మనది సీ.