బడి బువ్వలో ఎవరి వాటా ఎంత

సంక్రాంతి దాటిందంటే ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో తెల్లారకముందే ఆటోలు కదులుతాయి. నర్సంపేట వైపు, పరకాల వైపు, మహబూబాబాద్ వైపు మిరప చేలు ఏరుడుకు వస్తాయి. ఆరింటికి ఆటో ఎక్కాల్సిన తల్లి ఐదింటికే లేచినా, అన్నం గంజు దించేసరికి టైం అయిపోతుంది. కూర ఉంటే సద్దిలో ఆమెతోనే పోతుంది. ఇంట్లో మిగిలేది రాత్రి అన్నం, ఇంత పచ్చిపులుసు. సరిగ్గా ఈ నెలల్లోనే పదో తరగతి పిల్లలకు పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా కడుపులో ఏమీ పడని పిల్లలు ప్రతి తరగతిలోనూ నలుగురైదుగురు ఉంటారు. వాళ్లెవరో సార్లకు తెలుసు, మేడంలకూ తెలుసు.

అందుకే ఈ రోజుల్లో బడి గేటు దగ్గర దాతలు కనిపిస్తారు. ఉడకబెట్టిన శనగలు, అటుకులు, అరటిపండ్లు, బిస్కెట్ ప్యాకెట్లు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకరు ఒక రోజు ఖర్చు పెట్టుకుంటానంటే ఇంకొకరు వారం పెట్టుకుంటానంటారు. లయన్స్ క్లబ్, రోటరీ క్లబ్ వాళ్లు వస్తారు. ఊరి నుంచి అమెరికా పోయినవాళ్లు పంపుతారు. జూన్‌లో నోటు పుస్తకాలు, పంద్రాగస్టుకు స్టీలు పళ్లాలు, మధ్యలో బెంచీలు, ఫ్యాన్లు, మంచినీళ్ల ఫిల్టరు. సర్కారు భోజనం పెడుతోంది, పాఠ్యపుస్తకాలు ఉచితం, ఏడాదికి రెండు జతల యూనిఫాం ఇస్తోంది. అయినా ఇంకా దాతల అవసరం ఎందుకు మిగిలిందని కొందరు విసుక్కుంటారు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే కాస్త వెనక్కి పోవాలి.

బడి పిల్లల ఆకలికి మన దగ్గర పాత ఏర్పాటు పేరు ‘వారాలు’. చదువు కోసం పట్నం వచ్చిన పేద పిల్లవాడు సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తినేవాడు. ఏడు ఇళ్లు దొరికితే చదువు సాగినట్టే. హనుమకొండలో వారాలు చేసుకుని చదువుకున్నామని గొప్పగా చెప్పుకున్న పెద్దవాళ్లు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. ఆ ఇళ్ల తల్లుల పుణ్యం కాదనలేం. కానీ ఆ ఏడు ఇళ్ల గడప ఎక్కగలిగిన పిల్లవాడు ఎవరన్నది కూడా చెప్పుకోవాలి. ఎక్కువగా అది బ్రాహ్మణ పిల్లల ఏర్పాటు. మాదిగవాడ పిల్లవాడికి వారం ఇచ్చే ఇల్లు లేదు. అసలు బడే లేదు. నిజాం రాజ్యంలో 1941 నాటికి కూడా చదవను రాయను వచ్చినవాళ్లు పదిమందికి ఒకరు లేరు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ లాంటివాళ్లు దళిత పిల్లల కోసం సొంతంగా బడులు తెరిచింది అందుకే.

అప్పటి సర్కారు బడిలో చదువు ఉర్దూలో. తెలుగు కావాలనుకున్నవాళ్లు చందాలు వేసుకోవాల్సిందే. 1904లో హనుమకొండలో పుట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అలాంటి చందాల మీద నిలబడిందే. వర్తకులూ ముందుకొచ్చారు. వరంగల్‌లో చందా కాంతయ్య పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆయన పేరు మీద కాలేజీ ఉంది, ప్రసూతి ఆసుపత్రి ఉంది. సీకేఎం (చందా కాంతయ్య మెమోరియల్) అంటే ఆటోవాళ్లకు కూడా తెలుసు, ఆ మూడక్షరాల వెనక ఒక మనిషి ఉన్నాడని మాత్రం చాలామందికి గుర్తుండదు. ఆ తరం దానం గోడలకూ పుస్తకాలకూ పోయింది. పిల్లవాడు మధ్యాహ్నం ఏం తింటాడన్నది ఇంటివాళ్ల గొడవగానే ఉండిపోయింది.

మద్రాసులో అప్పటికే కథ వేరుగా నడిచింది. 1920లో అక్కడి కార్పొరేషన్ ఒక బడిలో పిల్లలకు ఫలహారం పెట్టాలని తీర్మానించింది. ఖర్చు తలకు రోజుకు అణా దాటకూడదని షరతు. 1956 తర్వాత కామరాజ్ దాన్ని రాష్ట్రమంతా పాకించాడు, 1982లో ఎంజీఆర్ పౌష్టికాహార పథకంగా పెద్దది చేశాడు. మన వైపు అరవైలు, డెబ్బైల్లో వచ్చింది కేర్ సంస్థ సాయం. అమెరికా నుంచి వచ్చిన పాలపొడి, రవ్వ. ఆనాటి బడి ఉప్మా రుచి గురించి మా నాన్న తరం వాళ్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు, కానీ వాసన గుర్తులేదన్నవాళ్లు ఎవరూ లేరు. సాయం ఆగినచోట ఉప్మా కూడా ఆగింది. ఎక్కడి నుంచో వచ్చే దానం మీద నడిచే పొయ్యి ఎంతకాలం మండుతుందో ఊళ్లకు అప్పుడే తెలిసింది.

దేశమంతటికీ ఒక మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు మనవాడే. పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లి, పెరిగింది వంగర. 1971లో ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరిపించిందీ ఆయనే. పల్లెటూరి పిల్లవాడికి తిండి, పడక ఇచ్చి చదివిస్తే ఏమవుతుందో ఆ బడి చూపించింది. 1995 పథకం కాగితం మీద వండిన భోజనమే. ఆచరణలో చాలా రాష్ట్రాలు నెలకు మూడు కిలోల బియ్యం చేతికిచ్చి ఊరుకున్నాయి, అదీ హాజరు నూటికి ఎనభై ఉంటేనే. ఆ బియ్యం నేనూ మోశాను. నెలాఖరున సంచి పట్టుకుని వరుసలో నిలబడితే సారు తూకం చూసి పోసేవాడు. ఇంటికి చేరాక అవి నా బియ్యం కావు, ఇంటందరివి. మూడు కిలోలు ఆరుగురికి ఎన్ని పూటలు?

మలుపు తెచ్చింది కోర్టు. 2001లో రాజస్థాన్‌లో కరువు. ఒకపక్క గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే ఇంకోపక్క జనం పస్తులున్నారు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వు సూటిగా ఉంది: సర్కారు ప్రాథమిక బడుల్లో ప్రతి పిల్లవాడికీ ఏడాదిలో కనీసం 200 రోజులు వండిన భోజనం పెట్టాలి, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. కొలతలు 2006లో పెరిగాయి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. 2013 ఆహార భద్రతా చట్టం దీన్ని హక్కు చేసింది. తొమ్మిది, పది తరగతులు ఆ చట్టం పరిధిలోకి రాకున్నా తెలంగాణ తన ఖర్చుతో వాళ్లకూ పెడుతోంది. 2015 జనవరి నుంచి బడుల్లో, హాస్టళ్లలో సన్నబియ్యం వచ్చాయి. వారానికి మూడు గుడ్లు. దొడ్డన్నం ముద్దను పక్కకు నెట్టి చారు తాగి లేచిన పిల్లలను చూసినవాళ్లకు సన్నబియ్యం ఎంత మార్పో తెలుసు.

వండేదెవరన్న దాని మీద కూడా కోర్టు మాట్లాడింది. 2004 ఏప్రిల్ ఉత్తర్వులో వంటవాళ్లుగా దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. వారాల కాలంలో ఏ పిల్లవాడిని గడప లోపలికి రానీయలేదో, ఆ పిల్లవాడి తల్లి చేతి వంట ఊరంతటి పిల్లలు తినడం. కొన్ని ఊళ్లలో గొడవలయ్యాయి, డబ్బాలో ఇంటి అన్నం కట్టి పంపినవాళ్లున్నారు. అయినా మొత్తం మీద ఒకే వరుసలో కూర్చుని తినడం అలవాటైంది. బడి భోజనం గురించి కేలరీల లెక్కలు మాట్లాడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు, నాకైతే ఇదే పెద్దదనిపిస్తుంది.

ఇక గదుల సంగతి. వరంగల్, కరీంనగర్ జిల్లాలు జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) రాష్ట్రానికి వచ్చిన మొదటి విడతలోనే ఉన్నాయి. తొంభైల చివర్లో కట్టిన చాలా బడి గదులు ఆ పైసలవే. 1997 నుంచి జన్మభూమి. ప్రభుత్వం కొంత ఇస్తుంది, ఊరు కొంత పెట్టాలి. పైసలు లేనివాళ్లు శ్రమదానం చేయాలి. 1998లో విద్యా కమిటీలకు చట్టమే వచ్చింది. ఊరి వాటా అనే మాట అప్పుడు బాగా నలిగింది. కొన్నిచోట్ల అది సర్పంచ్ కాంట్రాక్టుగా మారిందన్నది వేరే విషయం. నిజంగా వాటా వేసుకున్న ఊరు చూడాలంటే గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. నీళ్లకు, పొదుపుకు, పారిశుధ్యానికి వేరువేరు కమిటీలు పెట్టుకుని పనులు చేసుకున్న ఊరు. కాజీపేట కేంద్రంగా పనిచేసే బాల వికాస సంస్థ ఇలాంటి పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు పెట్టినప్పుడు ఊరివాళ్ల చేత కూడా వాటా కట్టించింది. చేతినిండా ఇచ్చిపోయిన దానం కన్నా, తన పది రూపాయలు కలిసిన పనిని ఊరు ఎక్కువ జాగ్రత్తగా చూసుకుంటుందన్నది దాని లెక్క.

2022లో సర్కారు బడులు బాగుచేసే ‘మన ఊరు - మన బడి’ పథకం వచ్చేసరికి ఆ వాటాకు రేటు కార్డు వచ్చింది. మూడు విడతల్లో 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయల అంచనా. రెండు లక్షలు ఇచ్చిన దాతకు యాజమాన్య కమిటీలో చోటు, పది లక్షలిస్తే తరగతి గదికి పేరు, కోటి ఇస్తే బడికే పేరు. బడికి పైసలు రావడం మంచిదే. కానీ పది లక్షలు ఉన్నవాడి పేరు గోడ మీదికి ఎక్కే ఏర్పాటులో, మిరప ఏరే తల్లి కమిటీ మీటింగులో నోరు విప్పుతుందా అన్న అనుమానం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, మహిళా సంఘాల అధ్యక్షురాళ్లను ముందు కూర్చోబెట్టారు. పిల్లల యూనిఫాంలు కుట్టే పనీ సంఘాలకే ఇచ్చారు. ఈ దారి నాకు కాస్త నచ్చింది.

దాతలు ఇవ్వడం మొదలుపెట్టిన వస్తువును కొన్నాళ్లకు సర్కారు అందుకోవడం, దాతలు తర్వాతి లోటు దగ్గరికి జరగడం ఈ కథంతా కనిపిస్తుంది. నోటు పుస్తకాలు అలాగే 2023లో సర్కారు జాబితాలోకి ఎక్కాయి. పొద్దుటి తిండి మాత్రం ఇంకా నడుమనే వేలాడుతోంది. తమిళనాడు 2022 సెప్టెంబర్‌లో బడుల్లో అల్పాహారం మొదలుపెట్టాక, తెలంగాణలో 2023 అక్టోబర్ 6న ‘ముఖ్యమంత్రి అల్పాహార పథకం’ ప్రారంభించారు. కొన్ని బడుల్లో ఇడ్లీ, ఉప్మా, కిచిడీ వచ్చాయి. వెంటనే ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, ఆ ఊసు తగ్గింది. అదే ఏడాది ఒక ట్రస్టు సాయంతో రాగిజావ కూడా మొదలైంది. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇప్పుడు బడుల్లో కూర్చుంటున్నది ఆ పిల్లలే. పదో తరగతి వాళ్ల సాయంత్రపు చిరుతిండికి ఈమధ్య సర్కారు తలకు 15 రూపాయల చొప్పున ఇస్తోంది. ఏడో తరగతి పిల్లవాడి పొద్దుటి ఆకలికి పద్దు లేదు.

దాతల మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది, చెప్పక తప్పదు. ఫొటోలో బాగా కనపడేవే ఎక్కువ వస్తాయి. ఒకే బడికి ఒకే ఏడాది ఇద్దరు బ్యాగులు ఇచ్చిన సంగతి విన్నాను. బాత్రూం కడిగే మనిషికి నెల జీతం, పగిలిన నల్లా, సుద్దముక్కల డబ్బా, ఆడపిల్లలకు ప్యాడ్లు అడిగితే ముందుకొచ్చేవాళ్లు తక్కువ. ఏం కావాలో హెచ్‌ఎంను అడిగి తెచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు స్టేజీ కూడా అడగరు.

అన్నిటికన్నా పెద్ద వాటా మాత్రం ఏ బోర్డు మీదా లేదు. వంట ఖర్చు కింద 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 10 రూపాయల 17 పైసలు. ఇందులోనే పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పుకారం, పొయ్యి ఖర్చు. గుడ్డుకు వేరుగా ఇస్తారు, కానీ చలికాలంలో మార్కెట్ ధర ఆగదు, సర్కారు ధర కదలదు. వండే మనిషి గౌరవ వేతనం ఏళ్ల తరబడి నెలకు వెయ్యి రూపాయలే, తర్వాత తెలంగాణలో మూడు వేలు అయింది. బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. ఆ రోజుల్లో కూడా పొయ్యి ఆరదు. వండే ఆడవాళ్లే కిరాణా కొట్టులో ఖాతా పెడతారు, సంఘంలో అప్పు తీస్తారు, కొందరు పుస్తెలతాడు కుదువ పెట్టామని ధర్నాల్లో చెప్పారు. పైసలు రాకపోతే బడిలో ఉన్న ఏ నిధి నుంచైనా తాత్కాలికంగా వాడుకోవచ్చని 2015 నియమాలు హెచ్‌ఎంకు అధికారం ఇచ్చాయి. వాడుకోవడానికి బడి ఖాతాలో ఏమైనా ఉంటే కదా.

లెక్క తీస్తే, సర్కారు బిల్లు వచ్చేదాకా పిల్లలకు వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నది ఈ ఆడవాళ్లే. తాము తెచ్చిన అప్పుకు మాత్రం వడ్డీ కడతారు. వంటగది గోడ మీద వారం మెనూ రాసి ఉంటుంది. గుడ్డు రోజున గుడ్డు లేకపోతే పిల్లలు ఆ గోడ చూపించి అడిగేది కలెక్టర్‌ను కాదు, గరిటె పట్టుకున్న ఆమెను. అందుకే ఆమె ముందురోజు సాయంత్రమే కొట్టుకు వెళ్లి, “ఈసారి కూడా రాసుకో అన్నా” అని ట్రేలు ఎత్తుకొస్తుంది.