జాబ్ తిప్పాక అలైన్‌మెంట్: సీఎంఎం ప్రోగ్రామ్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

అల్యూమినియం గేర్‌బాక్స్ హౌసింగ్ ఒకటి సీఎంఎం (ప్రోబ్ అనే సూదితో జాబ్‌ని, అంటే కొలవాల్సిన భాగాన్ని, తాకి కొలతలు తీసే కోఆర్డినేట్ మెషరింగ్ మెషిన్) మీదికి వచ్చిందనుకోండి. ముందువైపు కొన్ని బోర్లు (మెషిన్ చేసిన గుండ్రటి రంధ్రాలు), వెనకవైపు కొన్ని. వెనక బోర్ల పొజిషన్‌ను ముందువైపు డేటమ్‌ల (కొలతలకు ఆధారంగా డ్రాయింగ్ చూపించే ఫేస్‌లు, రంధ్రాలు) నుంచే చూడాలని డ్రాయింగ్ అడుగుతుంది, టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) 0.05 మి.మీ. ఒకే సెటప్‌లో రెండు వైపులకీ ప్రోబ్ అందదు కాబట్టి జాబ్‌ని తిప్పి పెట్టాలి. తిప్పిన క్షణం నుంచి ఆ జాబ్ ఎక్కడుందో, ఎటు చూస్తోందో మెషిన్‌కి తెలియదు. దానికి ఆ సంగతి మళ్ళీ చెప్పడమే అలైన్‌మెంట్. అది ఎలా చేస్తామన్నదాని మీదే రిపోర్టు నిజమా కాదా అన్నది ఆధారపడుతుంది. ఈ పనిలో తరచూ వినే మాటలు కొన్ని, వాటి వెనక అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. కమాండ్ల పేర్లు పీసీ-డీమిస్ అనే సీఎంఎం సాఫ్ట్‌వేర్‌వి. కాలిప్సో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో పేర్లు వేరుగా ఉన్నా లెక్క మారదు.

అపోహ: తిప్పాక మళ్ళీ 3-2-1 అలైన్‌మెంట్ (మూడు పాయింట్లతో ప్లేన్, రెండింటితో లైన్, ఆపై ఒక పాయింట్) చేస్తే చాలు.

వాస్తవం: 3-2-1 జాబ్ కదలికలు ఆరింటినీ కట్టేస్తుందన్నది నిజమే. ప్లేన్‌తో రెండు తిరగడాలు, ఒక జరగడం. లైన్‌తో ఒక తిరగడం, ఒక జరగడం. పాయింట్‌తో మిగిలిన జరగడం ఆగిపోతాయి. కానీ వెనకవైపు ఫేస్ తీసుకుని కడితే వచ్చేది వేరే కోఆర్డినేట్ సిస్టమ్. ఆ ఫేస్ డేటమ్ ఏ (డ్రాయింగ్‌లోని మొదటి డేటమ్) కి 0.03 పారలల్ తప్పి ఉంటే ఆ వాలు కాస్తా వెనక బోర్ల కొలతల్లో కలిసిపోతుంది. మంచి జాబ్ రిజెక్ట్ కావచ్చు. అంతకన్నా ప్రమాదం, చెడ్డ జాబ్ పాస్ కావచ్చు.

రెండు సెటప్‌లను కలిపేవి రెండింట్లోనూ ప్రోబ్ అందే ఫీచర్లు మాత్రమే. త్రూ హోల్స్ (ఇటు నుంచి అటు దాకా ఉన్న రంధ్రాలు), పక్క ఫేస్‌లు, టూలింగ్ బాల్స్ (కొలత కోసమే బిగించే కచ్చితమైన గోళాలు) అలాంటివి. మొదటి సెటప్‌లో డేటమ్ అలైన్‌మెంట్ అయ్యాక ఈ ఫీచర్లను కొలిచి, వాటితో ఒక అలైన్‌మెంట్ కట్టాలి. జాబ్ తిప్పాక అవే ఫీచర్లను మళ్ళీ కొలిచి, అదే వరసలో రెండోది కట్టాలి. ఆ తర్వాతే ఈక్వేట్. జాబ్ ఇక్కడి నుంచి అక్కడికి కదిలిందని మెషిన్‌కి చెప్పే కమాండ్ అది. ఇచ్చిన ఫీచర్లు మంచివా కావా అని అది చూడదు.

అపోహ: రెండు వైపులా ప్రోబ్ అందితే ఏ ఫీచర్ అయినా పర్వాలేదు.

వాస్తవం: ఎక్కువ జాబ్‌లు తప్పేది ఇక్కడే. ముందుగా దూరం చూడాలి. కలపడానికి తీసుకున్న రెండు రంధ్రాల మధ్య దూరం 60 మి.మీ. అనుకోండి. ఒకదాని కొలతలో 0.005 తేడా వచ్చింది. 300 మి.మీ. అవతల ఉన్న బోర్ దగ్గరికి వెళ్ళేసరికి అది అయిదు రెట్లై 0.025 అవుతుంది. పొజిషన్ వ్యాసం లెక్కలో, అంటే జరిగిన దూరానికి రెట్టింపుగా, వస్తుంది కనుక రిపోర్టులో అది 0.05. అయిదు మైక్రాన్ల తేడా టాలరెన్స్ మొత్తాన్ని మింగేసింది! అందుకే కలిపే ఫీచర్లు జాబ్‌లో ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి.

రెండోది లోతు. త్రూ హోల్‌ను ముందు నుంచి 5 మి.మీ. లోతులో సర్కిల్‌గా కొలిచి, తిప్పాక వెనక నుంచి కూడా 5 మి.మీ. లోతులోనే కొలిస్తే అవి రెండూ ఒకే సర్కిల్ కావు. మందం 40 మి.మీ. ఉంటే వాటి మధ్య 30 మి.మీ. దూరం ఉంది. డ్రిల్ కాస్త వంకరగా దిగి ఉంటే రెండు సెంటర్లూ కలవవు. ప్రోబ్ అందితే రెండు సెటప్‌లలోనూ సరిగ్గా అదే సెక్షన్‌లో (రంధ్రంలో అదే చోట) కొలవాలి. అందకపోతే రీమ్ చేసిన (డ్రిల్ తర్వాత సరిచేసి నునుపు చేసిన) హోల్‌ను పూర్తి సిలిండర్‌గా తీసుకోవాలి. ఉత్త డ్రిల్ హోల్‌ను ఈ పనికి వాడకపోవడమే మేలు. ఫేస్‌ల విషయంలోనూ అంతే, రెండుసార్లూ అవే చోట్ల తాకాలి.

టాలరెన్స్ బిగువుగా ఉంటే నా ఓటు మూడు టూలింగ్ బాల్స్‌కే. గోళాన్ని ఎటు నుంచి తాకినా సెంటర్ ఒక్కటే. జాబ్‌కి అతికించినా సరే, జాబ్‌తోపాటు తిరిగే ఫిక్స్చర్‌కి బిగించినా సరే. ఫిక్స్చర్‌కి బిగిస్తే మాత్రం తిప్పేటప్పుడు అందులో జాబ్ వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

అపోహ: తేడా వస్తే బెస్ట్ ఫిట్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: బెస్ట్ ఫిట్ (అన్ని ఫీచర్ల తేడా కలిపి వీలైనంత తగ్గేలా సాఫ్ట్‌వేర్ సర్దే అలైన్‌మెంట్) తేడాని పోగొట్టదు, అన్ని ఫీచర్లకూ పంచుతుంది. టూలింగ్ బాల్స్‌ను కలపడానికి దాన్ని వాడొచ్చు, మిగిలిన తేడా ఎంతో చూసుకుంటూ. కొలవాల్సిన బోర్లను కూడా అందులోకి లాగితే డ్రాయింగ్ అడిగిన డేటమ్‌లను పక్కన పెట్టేసినట్టే.

అపోహ: అలైన్‌మెంట్ కుదిరింది కదా, పాత పాత్ (ప్రోబ్ నడిచే దారి) అలాగే నడుస్తుంది.

వాస్తవం: క్లియరెన్స్ ప్లేన్ (జాబ్‌కి తగలకుండా ప్రోబ్ కదిలే తలం) జాబ్ అక్షాలను పట్టుకుని ఉంటుంది. జాబ్ తలకిందులైతే జెడ్ ప్లస్ గ్రానైట్ (మెషిన్ బల్ల) వైపు చూస్తుంది, ప్రోబ్ కూడా అటే దిగబోతుంది. క్లియరెన్స్ ప్లేన్, వర్క్‌ప్లేన్ (కొలతలు లెక్కించే తలం) రెండూ ఈక్వేట్ దగ్గరే మార్చి రాయండి. కొత్త టిప్ యాంగిల్స్ (ప్రోబ్ కొనను తిప్పే కోణాలు) అన్నీ కాలిబ్రేట్ అయ్యాయో లేదో చూడండి. మొదటి రన్ స్పీడ్ బాగా తగ్గించి, చెయ్యి స్టాప్ మీద ఉంచి నడపండి.

అపోహ: జాయ్‌స్టిక్‌తో జాగ్రత్తగా తాకితే డీసీసీలో (మెషిన్ తనంతట తానే ప్రోగ్రామ్ ప్రకారం నడిచే మోడ్‌లో) మళ్ళీ కొలవక్కర్లేదు.

వాస్తవం: ప్రోబ్ బాల్ వ్యాసార్ధాన్ని సాఫ్ట్‌వేర్ వెక్టర్ (తాకే ఉపరితలానికి లంబంగా ఉండాల్సిన దిశ) వెంట తీసేస్తుంది. 3 మి.మీ. వ్యాసం ఉన్న రూబీ ప్రోబ్ బాల్‌తో ఆ వెక్టర్ 5 డిగ్రీలు తప్పితే దాదాపు 0.006, 10 డిగ్రీలు తప్పితే 0.023 తేడా. పైగా చేత్తో తాకేటప్పుడు వేగం ప్రతిసారీ ఒకేలా ఉండదు. మాన్యువల్ అలైన్‌మెంట్ పని జాబ్ ఎక్కడుందో మెషిన్‌కి చూపించడం వరకే. ఈక్వేట్‌కి వాడే రెండు అలైన్‌మెంట్లూ డీసీసీవే కావాలి.

అపోహ: తిప్పడానికి అయిదు నిమిషాలు చాలు, ఈలోగా ఏం మారుతుంది?

వాస్తవం: కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 500 మి.మీ. అల్యూమినియం జాబ్ 2 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.023 సాగుతుంది. మెషినింగ్ నుంచి నేరుగా తెచ్చిన జాబ్ మొదటి సెటప్‌లో వెచ్చగా, రెండో సెటప్‌లో చల్లగా ఉంటే రెండు వైపులూ ఎప్పటికీ కలవవు. పలచని గోడలున్న హౌసింగ్ అయితే క్లాంప్ బిగింపు కూడా ఆకారాన్ని మారుస్తుంది.

ఇవన్నీ సరిగా జరిగాయో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలున్నాయి, రెండూ ప్రోగ్రామ్‌లోనే పెట్టేయొచ్చు. ఒకటి, టూలింగ్ బాల్స్ సెంటర్ల మధ్య త్రీడీ దూరాలను రెండు సెటప్‌లలోనూ రాయించండి. ఆ దూరాలకు అలైన్‌మెంట్‌తో సంబంధం లేదు. అవి మారితే వేడి, మురికి, క్లాంపింగ్, టిప్ కాలిబ్రేషన్‌లలో ఒకటి తప్పినట్టు. రెండోది, కలపడానికి వాడని ఒక త్రూ హోల్‌ను రెండు వైపుల నుంచీ అదే సెక్షన్‌లో కొలిచి, డేటమ్‌ల నుంచి ఎక్స్, వై విలువలు పోల్చండి. 0.05 టాలరెన్స్ జాబ్‌లో ఆ తేడా 0.005 దాటితే నేను వెనకవైపు రిపోర్టు మీద సంతకం పెట్టను. బాల్స్ తుడిచి, జాబ్‌ని చల్లారనిచ్చి, మొదటి సెటప్ నుంచి మళ్ళీ నడిపిస్తాను.