సైనస్ లిఫ్ట్‌లో మెంబ్రేన్: అపోహలు – వాస్తవాలు

పై దవడలో వెనక పళ్లు పోయి ఏళ్లు గడిస్తే అక్కడి ఎముక కరిగిపోతుంది, పైనున్న సైనస్ (పై దవడ ఎముకలోని గాలి గది) కిందికి దిగుతుంది. ఇంప్లాంట్‌కి (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరుకి) ఎముక చాలదు. అప్పుడు పక్క గోడలో కిటికీ తెరిచి, సైనస్ లోపలి పొరను పైకి లేపి, ఆ సందులో గ్రాఫ్ట్ (ఎముక కట్టడానికి పెట్టే రేణువులు) నింపుతాం. ఇదే సైనస్ లిఫ్ట్. కిటికీ మీద కప్పే పలుచని తెర మెంబ్రేన్.

అపోహ: ఎముకను పుట్టించేది మెంబ్రేనే.
కాదు. ఎముక కట్టేది చుట్టూ ఉన్న ఎముక గోడల్లోంచి వచ్చే రక్తనాళాలు, కణాలు. చిగురు కణజాలం అంతకంటే వేగంగా పెరుగుతుంది. అది గ్రాఫ్ట్‌లోకి చొరబడకుండా ఆపడమే మెంబ్రేన్ పని. అందుకే కిటికీ అంచులు దాటి అన్ని వైపులా 2–3 మి.మీ. ఎముక మీద ఆనాలి. పొడిగా ఉన్నప్పుడే కొలిచి కత్తిరించాలి, తడిస్తే మెత్తబడి ముడుచుకుపోతుంది. రెండు పొరల కొల్లాజెన్ (జంతువుల నుంచి తీసే ప్రోటీన్) మెంబ్రేన్ అయితే గరుకు వైపు ఎముకకి, నున్నటి వైపు చిగురుకి.

అపోహ: సైనస్ లోపలి పొర చిరిగితే ఆపరేషన్ పోయినట్టే.
ఆ పొర మందం సాధారణంగా 1 మి.మీ. లోపే. ఈ సర్జరీలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది అది చిరగడమే, ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా. లోపల సెప్టా అనే అడ్డగోడలున్న చోట, కిటికీ అంచు పదునుగా మిగిలిన చోట చిరుగుతుంది. ముందే సీబీసీటీ (దవడ 3డి స్కాన్) తీయించమనేది ఇందుకే.

చిరిగిన చోటే లాగితే ఇంకా పెద్దదవుతుంది. దానికి దూరంగా మొదలుపెట్టి చుట్టూ వదులు చేసుకుంటూ రావాలి. పొర సడలితే 5 మి.మీ. లోపు చిరుగు చాలాసార్లు మడతల్లో మూసుకుపోతుంది, మీద కొల్లాజెన్ ముక్క చాలు. 5–10 మి.మీ. ఉంటే పెద్ద మెంబ్రేన్‌ను లోపల పరిచి, అంచులు కిటికీ బయటికి తెచ్చి ఆనించాలి. అంతకు మించితే గ్రాఫ్ట్ పెట్టకుండా చిగురు కుట్టేసి కొన్ని నెలలు ఆగడమే మేలని మా అభిప్రాయం. చిరుగు మూయకుండా గ్రాఫ్ట్ కుక్కితే రేణువులు సైనస్‌లోకి జారి, సైనస్ ముక్కులోకి తెరుచుకునే దారిని మూసేయొచ్చు. అప్పుడు చీము పడుతుంది.

అపోహ: కరగని మెంబ్రేనే గట్టిది.
పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) కరగదు, కాబట్టి మళ్లీ కోసి తీయాలి. చిన్న కిటికీకి అంత అవసరం లేదు.

అపోహ: మన రక్తంతో చేసే పీఆర్‌ఎఫ్ (ఫైబ్రిన్ పొర) ఉంటే కొల్లాజెన్ అక్కర్లేదు.
గాయం మానడానికి పీఆర్‌ఎఫ్ మంచిదే. కానీ ఒకటి రెండు వారాల్లో కరిగిపోతుంది, అడ్డుగా కావాల్సినంత కాలం నిలవదు. ఇంకో మాట: కొల్లాజెన్ ఎక్కువగా పంది నుంచో పశువుల నుంచో వస్తుంది. ఇది రోగికి ముందే చెప్పి తీరాలి. వద్దంటే సింథటిక్ పాలిమర్ మెంబ్రేన్లున్నాయి.

అపోహ: నొప్పి తగ్గితే పనిలోకి వెళ్లిపోవచ్చు.
కనీసం 2 వారాలు ముక్కు చీదకూడదు. స్ట్రా, చుట్ట, సిగరెట్, కపాలభాతి వద్దు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. గుంటూరు మిర్చి యార్డులో, కారం మిల్లుల్లో పనిచేసేవాళ్లకి ఘాటుకి తుమ్ములు వరసపెడతాయి. ఆ ఒత్తిడికి గ్రాఫ్ట్ కదిలిపోవచ్చు. సీజన్ అయ్యాకే సర్జరీ పెట్టుకోండి. ముక్కులోంచి రేణువులు రాలినా, చెడు వాసనతో చీము కారినా ఆ రోజే డాక్టరుకి చూపించండి.