కార్లు మోసిన విమానాలు: సిల్వర్ సిటీ కథ వెనుక ఒక చట్టం

బ్రిటన్‌లో ఒక విమానయాన సంస్థ మూతపడినప్పుడల్లా పాత వాదన మళ్లీ లేస్తుంది. 2017లో మోనార్క్, 2019లో థామస్ కుక్, 2020లో ఫ్లైబీ. ప్రభుత్వం చేయూతనివ్వాలా, బజారుకే వదిలేయాలా? పెద్ద సంస్థల మధ్య చిన్నవాటికి చోటుందా? టెలివిజన్ చర్చల్లో ఇది నిన్న మొన్న పుట్టిన సమస్యలా వినిపిస్తుంది కానీ, దీని వేళ్లు 1946 నాటి చట్టం దాకా వెళతాయి. ఆ చట్టం నీడలో పుట్టి, పదహారేళ్లు బతికి, పెద్ద సంస్థలో కలిసిపోయిన సిల్వర్ సిటీ ఎయిర్‌వేస్‌ను చూస్తే ఈ వాదనలో రెండు పక్షాలూ చెప్పకుండా దాటేసే సంగతి ఒకటి తెలుస్తుంది. స్వతంత్ర సంస్థలని పేరు పడ్డవి నిజానికి ఎవరి మీద ఆధారపడి బతికాయన్నదే ఆ సంగతి.

యుద్ధం ముగిసేసరికి బ్రిటన్‌లో విమానాలకు కరువు లేదు, పైలట్లకు అంతకన్నా లేదు. రాయల్ ఎయిర్ ఫోర్స్ వదిలించుకోవాలనుకున్న డకోటా రవాణా విమానాలు, హాలిఫాక్స్ బాంబర్లు చవగ్గా దొరికేవి. వాటిని నడిపి నడిపి రాటుదేలిన యువకులు ఉద్యోగం లేకుండా ఇంటికి చేరారు. సైన్యం నుంచి వచ్చిన కాస్త డబ్బుతో, అప్పు తెచ్చిన ఇంకాస్త డబ్బుతో పదుల సంఖ్యలో కంపెనీలు పుట్టుకొచ్చాయి. అయితే 1945లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం విమానయానాన్ని ప్రజల ఆస్తిగా చూసింది. 1946 పౌర విమానయాన చట్టం ప్రకారం వేళల పట్టిక ప్రకటించి, టిక్కెట్లు అమ్మి, క్రమం తప్పకుండా విమానాలు నడిపే హక్కు మూడు ప్రభుత్వ కార్పొరేషన్లకే దక్కింది. దూర దేశాలకు బీఓఏసీ, ఐరోపాకూ స్వదేశానికీ బీఈఏ, దక్షిణ అమెరికాకు బీఎస్ఏఏ. ఈ చివరిది ఎక్కువ కాలం నిలవలేదు, 1949లో బీఓఏసీలో కలిసిపోయింది.

ప్రైవేటు వాళ్లకు మిగిలింది చార్టర్ ప్రయాణాలు. ఎవరైనా విమానం మొత్తాన్నీ అద్దెకు తీసుకుంటే నడపవచ్చు. రేపు ఉదయం పది గంటలకు ఫలానా ఊరికి విమానం ఉంది, రండి అని పిలవకూడదు. పంక్తిలో ఆకు వేయకుండా వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టిన అతిథుల్లా ఉండేది వాళ్ల స్థితి.

సిల్వర్ సిటీ 1946 చివర్లో మొదలైంది. దీని వెనుక ఉన్నది విమానాల మోజు కాదు, గనుల అవసరం. ఆస్ట్రేలియాలో సీసం, జింకు, వెండి తవ్వే జింక్ కార్పొరేషన్‌కు తన మనుషులను లండన్‌కూ ఆస్ట్రేలియాకూ మధ్య తిప్పుకోవలసి వచ్చేది. ఆ గనులున్న బ్రోకెన్ హిల్ పట్టణాన్ని అక్కడి జనం సిల్వర్ సిటీ అని పిలుచుకునేవారు. కంపెనీకీ అదే పేరు పెట్టారు. యుద్ధానికి ముందు ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌లో కెప్టెన్‌గా, యుద్ధకాలంలో వాయుసేన రవాణా విభాగంలో ఉన్నతాధికారిగా పనిచేసిన గ్రిఫిత్ పావెల్ దాన్ని నడిపారు. లాంకాస్టర్ బాంబర్‌ను ప్రయాణికుల కోసం మార్చి చేసిన లాంకాస్ట్రియన్లు, డకోటాలు దాని తొలి విమానాలు.

మొదటి పెద్ద పని మన ఉపఖండంలోనే దొరికింది. 1947లో దేశ విభజన తర్వాత ఇటువాళ్లను అటు, అటువాళ్లను ఇటు చేర్చడానికి విమానాలు చాలలేదు. బీఓఏసీ తన విమానాలకు తోడు బ్రిటిష్ చార్టర్ కంపెనీల విమానాలనూ రప్పించి, ఆ శరదృతువులో 30 వేల మందికి పైగా శరణార్థులను తరలించింది. సిల్వర్ సిటీ డకోటాలు ఆ పనిలో ఉన్నాయి. వాటితో పాటు, తరువాత ఆ సంస్థకు పేరు తెచ్చిన బ్రిస్టల్ కంపెనీ విమానమూ ఉంది. కిటికీలు, సీట్లు, బరువు లెక్కలు పక్కన పెట్టి, నిలబడగలిగినంత మందిని ఎక్కించుకున్న ప్రయాణాలవి.

ఆ కాలపు మిగులు విమానాలు ఎవరి చేతిలో పడితే వారి పని చేశాయని గుర్తుచేయడానికి హైదరాబాద్ ఉదంతం ఒక్కటి చాలు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు కరాచీ నుంచి నిజాం సంస్థానానికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. వాడినవి లాంకాస్ట్రియన్లే. సిల్వర్ సిటీకి ఆ వ్యవహారంతో సంబంధం లేదు.

1948 జూన్‌లో బెర్లిన్ నగరానికి సోవియట్ సేనలు దారులు మూసేయడంతో ఈ కంపెనీలకు రెండో ఊపిరి అందింది. నగరానికి బొగ్గు, పిండి, పెట్రోలు అన్నీ ఆకాశం మీదుగానే చేరవలసి వచ్చింది. వాయుసేన ఒక్కటే మోయలేక బ్రిటన్ ప్రభుత్వం ప్రైవేటు వాళ్లను పిలిచింది. 25 కంపెనీలు వచ్చాయి. ద్రవ ఇంధనం మోసే భారం ప్రధానంగా ఈ పౌర ట్యాంకర్ల మీదే పడింది. హెరాల్డ్ బాంబర్గ్ ఈగిల్ సంస్థ అక్కడే నిలదొక్కుకుంది. పాత హాలిఫాక్సులు, వాటి విడిభాగాలతో ఫ్రెడ్డీ లేకర్ అనే యువ వ్యాపారి సంపాదించడం నేర్చుకున్నది అక్కడే. సిల్వర్ సిటీ విమానాలూ కొంతకాలం ఎగిరాయి. 1949 ఆగస్టులో పౌర విమానాల పని ముగియగానే వీటిలో చాలా కంపెనీలు కనుమరుగయ్యాయి.

ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. ప్రభుత్వ గుత్తాధిపత్యం తమ గొంతు నులుముతోందని ఈ కంపెనీల అధిపతులు పత్రికల్లో వాపోతూ ఉండేవారు. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. కానీ వాళ్ల ఖాతాల్లో పడిన డబ్బులో పెద్ద భాగం ప్రభుత్వం నుంచి వచ్చినదే: విభజన, బెర్లిన్, ఆ తర్వాత 1950లలో సైనికులను సుదూర స్థావరాలకు చేర్చే కాంట్రాక్టులు. సైనికులను ఓడల్లో పంపడం మాని విమానాల్లో పంపాలని రక్షణశాఖ నిర్ణయించకపోతే ఎయిర్‌వర్క్, హంటింగ్, ఈగిల్ లాంటి పేర్లు మనదాకా వచ్చేవే కావు.

సిల్వర్ సిటీ మిగతావాటికి భిన్నంగా నిలిచింది ఇక్కడే. అది ప్రభుత్వం ఇచ్చే పని కోసమే చూస్తూ కూర్చోకుండా, అప్పటిదాకా లేని ఒక వ్యాపారాన్ని సొంతంగా కనిపెట్టింది.

1948 వేసవి నాటికి బ్రిటన్‌లో కారున్నవాళ్లకు నిలిపివేసిన పెట్రోలు రేషను మళ్లీ ఇవ్వడం మొదలైంది. విదేశీ విహారానికి కరెన్సీ కూడా కొద్దికొద్దిగా ఇస్తున్నారు. కానీ కారుతో ఫ్రాన్సు వెళ్లడం ఒక తంతు. డోవర్‌లోనో ఫోక్‌స్టన్‌లోనో కారును క్రేనుకు కట్టి, గాల్లోకి లేపి, ఓడలోకి దించేవారు. అవతలి ఒడ్డున మళ్లీ అదే తంతు. ఆ దృశ్యం చూస్తున్న యజమాని గుండె కూడా క్రేనుకే వేలాడేది. ఓడలో చోటు దొరకడానికి వారాల తరబడి ఎదురుచూపులు. పావెల్‌కూ సొంత కారుంది, ఫ్రాన్సు వెళ్లాలన్న కోరికా ఉంది. 1948 జూలై 14న, ఫ్రాన్సు జాతీయ దినం నాడు, ఆయన ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ కారును కడుపులో పెట్టుకుని ఒక బ్రిస్టల్ ఫ్రైటర్ కెంట్ తీరంలోని లింప్నే నుంచి ఫ్రాన్సులోని ల తుకే వెళ్లింది. దూరం సుమారు 75 కిలోమీటర్లు. గాల్లో ఉండేది ఇరవై నిమిషాల పైచిలుకు.

ఈ ఫ్రైటర్‌ను అందమైన విమానమని ఎవరూ అనలేదు. ఉబ్బిన ముక్కు, ముడుచుకోని చక్రాలు, రెండు హెర్క్యులిస్ ఇంజన్ల రొద. యుద్ధం చివర్లో బర్మా అడవుల్లోని కచ్చా మైదానాలకు సైనిక వాహనాలు మోసే ఉద్దేశంతో దాన్ని రూపొందించారు. 1945 డిసెంబరులో తొలిసారి ఎగిరేసరికి యుద్ధమే లేదు. అయితే సైనిక లారీ కోసం చేసిన ఏర్పాటు కుటుంబం కారుకు సరిగ్గా సరిపోయింది. ముక్కు భాగం నిలువుగా చీలి రెండు తలుపులుగా పక్కలకు తెరుచుకునేది. పైలట్లు పైన కూర్చునేవారు కాబట్టి కింద అడ్డేమీ ఉండదు. వాలుబల్ల మీదుగా కారును నేరుగా లోపలికి తోలి, గొలుసులతో బిగించి, తలుపులు మూసేవారు. ప్రయాణికులు వెనక గదిలో కూర్చునేవారు. మొదట్లో విమానానికి రెండు కార్లు పట్టేవి. ముక్కు పొడిగించి 1953లో తెచ్చిన సూపర్ ఫ్రైటర్‌లో మూడు కార్లు, ఇరవై మంది దాకా మనుషులు పట్టారు.

తొలి వేసవిలో వెళ్లిన కార్లు రెండు వందల లోపే. ఆ మరుసటి ఏడాది అవి వేలల్లోకి చేరాయి. అప్పుడు చట్టం అడ్డొచ్చింది. రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో, ఎవరొచ్చినా ఎక్కించుకునేది చార్టర్ ఎలా అవుతుంది? 1949లో దీనికి దొడ్డిదారి దొరికింది. బీఈఏకు అనుబంధ సంస్థగా ఒప్పందం రాసుకుంటే ప్రైవేటు కంపెనీ కూడా క్రమబద్ధమైన సర్వీసు నడపవచ్చు. కార్లు మోసే ఆలోచన బీఈఏకు లేదు కాబట్టి అది అభ్యంతరం చెప్పలేదు. గుత్తాధిపత్యం ఉన్నచోట కొత్త ఆలోచనలు పుట్టవని తేల్చేసేవారు ఈ ఘట్టాన్ని కాస్త ఆలోచించాలి. మామూలు దారులన్నీ మూసి ఉండబట్టే పావెల్ ఎవరూ తొక్కని దారి వెతికారు. లండన్–పారిస్ ప్రయాణికులను స్వేచ్ఛగా మోయనిచ్చి ఉంటే ఆయన కార్ల జోలికి వెళ్లేవారా అన్నది నా సందేహం.

1951లో కన్సర్వేటివ్‌లు గెలిచాక పట్టు సడలింది. మరుసటి ఏడాది కొత్త విధానం వచ్చింది. ఎయిర్‌వర్క్, హంటింగ్ కంపెనీలు వైకింగ్ విమానాలతో లండన్ నుంచి నైరోబీకి చవక సర్వీసు మొదలుపెట్టాయి. దారిలో రాత్రిళ్లు ఆగుతూ మూడు రోజులు పట్టినా జనం ఎక్కారు. భారతదేశం సరిగ్గా అదే సమయంలో ఎదురు దిశలో నడిచింది. 1953 ఆగస్టు 1న ప్రైవేటు విమాన సంస్థలన్నీ జాతీయమయ్యాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఆ రోజుతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

సిల్వర్ సిటీకి ఆ దశకం బంగారు కాలం. లింప్నేలో ఉన్నది పచ్చిక మైదానం. వాన పడితే బురదలో చక్రాలు దిగబడేవి. అందుకని అక్కడికి కొద్ది దూరంలో, రోమ్నీ మార్ష్ చిత్తడి నేలల్లోని లిడ్ దగ్గర సొంత విమానాశ్రయం కట్టుకుంది. 1954లో పని మొదలుపెట్టిన ఈ ఫెర్రీఫీల్డ్ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ప్రైవేటు డబ్బుతో కొత్తగా వెలసిన తొలి విమానాశ్రయం. వేసవి శనివారాల్లో అక్కడ ఒక విమానం దిగుతుంటే మరొకటి లేచేది. కార్లు దించి, కొత్త కార్లు ఎక్కించి నిమిషాల్లో మళ్లీ గాల్లోకి పంపేవారు. అదే ఏడాది సంస్థలో పి అండ్ ఓ ఓడల కంపెనీ డబ్బు చేరింది. ప్రత్యర్థి కూడా అప్పుడే దిగాడు. ఫ్రెడ్డీ లేకర్ ఇంగ్లండ్‌లోని సౌత్ఎండ్ నుంచి ఫ్రాన్సు తీరంలోని కలేకి అదే ఫ్రైటర్లతో కార్లు మోయడం ప్రారంభించాడు.

ఈ కథలో నల్లటి రోజు 1958 ఫిబ్రవరి 27. మ్యాన్ దీవి నుంచి మాంచెస్టర్ వస్తున్న సిల్వర్ సిటీ గ్రూపు ఫ్రైటర్ బోల్టన్ దగ్గరి వింటర్ హిల్‌ను ఢీకొంది. అందులో ఉన్నది కార్లు కాదు, కార్ల వ్యాపారులు. బ్యాటరీల కర్మాగారం చూడటానికి బయల్దేరిన మోటారు డీలర్లు, గ్యారేజీ యజమానులు. 42 మందిలో 35 మంది చనిపోయారు. దారి చూపే విగన్ రేడియో సంకేత కేంద్రానికి (బీకన్‌కు) పెట్టవలసిన పరికరాన్ని సహ పైలట్ పొరపాటున ఆజ్‌వెస్ట్రీ బీకన్‌కు పెట్టాడు. కెప్టెన్ సరిచూడలేదు. మంచు, పొగమంచు ఎంత దట్టంగా ఉన్నాయంటే, కొండమీది టెలివిజన్ ప్రసార కేంద్రంలో ఉన్న ఇంజనీర్లకు కొన్ని వందల గజాల దూరంలో విమానం కూలిన సంగతే తెలియలేదు. గాయపడ్డ ఆ సహ పైలట్ నడుచుకుంటూ వెళ్లి తలుపు తట్టాక గానీ సహాయం కదలలేదు.

అయినా సంస్థను కూల్చింది ఆ ప్రమాదం కాదు. లెక్కలు కుదరలేదు. విహారయాత్రలు వేసవి నెలల్లోనే, జీతాలు పన్నెండు నెలలు. డెబ్బై కిలోమీటర్ల ప్రయాణానికి కూడా ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ ఖర్చు తప్పదు. ఉప్పుగాలిలో, రోజుకు అన్నిసార్లు ఎగిరి దిగి ఫ్రైటర్ల లోహం అలసిపోతోంది. వాటి స్థానంలో కొనడానికి అలాంటి విమానాన్ని ఎవరూ తయారు చేయడం లేదు. అటు 1953లోనే డోవర్‌లో కార్లు నేరుగా ఓడలోకి నడుపుకుంటూ వెళ్లే రేవు తెరుచుకుంది. క్రేను పోవడంతో సిల్వర్ సిటీ పుట్టుకకు కారణమైన చిక్కే పోయింది. ఒక్కో ఓడ ఒక్క దఫాలో మోసే కార్లకు డజన్ల కొద్దీ విమాన ప్రయాణాలు కావాలి.

1960లో లైసెన్సుల చట్టం వచ్చి కార్పొరేషన్ల ప్రత్యేక హక్కును కాగితం మీద రద్దు చేసింది. స్వతంత్ర సంస్థలు పదిహేనేళ్లుగా కోరుకున్నది ఇదే. ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. తలుపు తెరుచుకోగానే చిన్నవాళ్లు విస్తరించలేదు, ఒకరినొకరు కొనుక్కున్నారు. అదే ఏడాది ఎయిర్‌వర్క్, హంటింగ్-క్లాన్ (పాత హంటింగ్) కలిసి బ్రిటిష్ యునైటెడ్ అనే పెద్ద సంస్థ అయ్యాయి. లేకర్ వ్యాపారాలు అప్పటికే ఎయిర్‌వర్క్ చేతిలో ఉన్నాయి. 1962లో సిల్వర్ సిటీ కూడా అదే గూటికి చేరింది. లేకర్ సౌత్ఎండ్‌లో మొదలుపెట్టిన పాత కార్ల సర్వీసు చానల్ ఎయిర్ బ్రిడ్జితో కలిపి దాన్ని బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్ ఫెర్రీస్ చేశారు. సిల్వర్ సిటీ పేరు విమానాల మీద నుంచి చెరిగిపోయింది.

కొత్త సంస్థ లేకర్ ఆలోచన అయిన కార్వైర్ మీద ఆశలు పెట్టుకుంది. పాత డీసీ-4 విమానానికి ముందు తలుపు, దాని పైన పైలట్ల గది అతికించి చేసిన ఈ విమానంలో ఐదు కార్లు పట్టేవి. మొత్తం 21 మాత్రమే తయారయ్యాయి. 1968లో డోవర్ నుంచి బులోన్‌కు కార్లను మోసే హోవర్‌క్రాఫ్టులు, అంటే గాలి దిండు మీద తేలుతూ నీటిపై సాగే వాహనాలు, వచ్చాక పోటీ పడటం కష్టమైంది. లిడ్ నుంచి కార్ల విమానాలు 1970లో నిలిచిపోయాయి. సౌత్ఎండ్‌లో అవి ఇంకొంతకాలం లాగి, 1977 మొదలయ్యేసరికి ముగిశాయి. 1994 నుంచి కార్లు ఫోక్‌స్టన్ దగ్గర రైలెక్కి సముద్రం కిందుగా 35 నిమిషాల్లో ఫ్రాన్సు చేరుతున్నాయి. లిడ్ విమానాశ్రయం ఇంకా ప్రైవేటు చేతుల్లోనే ఉంది. రన్‌వే పొడిగించి జెట్ విమానాలు రప్పించుకోవడానికి ఏళ్ల తరబడి పోరాడి, బహిరంగ విచారణ తర్వాత 2013లో ప్రభుత్వ అనుమతి సంపాదించుకుంది.